బేబీ పెగ్గీని తెరకు దూరం చేసింది టాకీలు కాదు

నుదుటి మీదికి గీత గీసినట్టు కత్తిరించిన నల్లటి జుట్టు, గుండ్రటి పెద్ద కళ్లు, నాలుగేళ్ల వయసు. బేబీ పెగ్గీ ఫొటో ఎక్కడ కనిపించినా దాని వెంట దాదాపు ఒకే కథ నడుస్తుంది. ‘అమెరికా మూకీల నాటి ఈ పాప ఆడుతూ పాడుతూ నటించి ఏటా 15 లక్షల డాలర్లు సంపాదించింది. టాకీలు రాగానే అవకాశాలు పోయాయి. డబ్బంతా కన్నవాళ్లే తినేశారు. ఆమెకు జరిగిన అన్యాయం చూసే బాలనటుల చట్టం తెచ్చారు. చివరికి ఎవరికీ పట్టని అనామకురాలిగా కన్నుమూసింది.’ కంటతడి పెట్టించే కథే. కానీ ఒక్కో వాక్యాన్నీ విడదీసి చూస్తే నిలబడేది చాలా తక్కువ. 101 ఏళ్లు బతికి, తన కథను తన చేత్తోనే రాసి పెట్టిపోయిన మనిషి గురించి ఇలా చెప్పుకోవడం నాకు కష్టంగా ఉంది.

‘ఆడుతూ పాడుతూ నటించింది’ అనే మాట నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. పెగ్గీ జీన్ మాంట్‌గోమరీ 1918 అక్టోబరు 29న కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో పుట్టింది. తండ్రి జాక్ గుర్రపు స్వారీలో ఆరితేరిన కౌబాయ్, అప్పటి పెద్ద హీరో టామ్ మిక్స్‌కు డూప్. 19 నెలల వయసులో తల్లి వెంట సెంచరీ స్టూడియోకు వెళ్లిన పాప దర్శకుడు ఫ్రెడ్ ఫిష్‌బాక్ కంట్లో పడింది. ఆయనను ఆకట్టుకున్నది పాప అల్లరి కాదు, తండ్రి చెప్పినట్టు బుద్ధిగా మసలుకోవడం. బ్రౌనీ అనే కుక్కకు జోడీగా తెర మీదికి ఎక్కించారు. ఆ తర్వాత నవ్వమంటే నవ్వడం, ఏడవమంటే ఏడవడం, భయపడమంటే భయపడటం ఆమె పని. కూతురి విజయానికి కారణం ఎదురు ప్రశ్న వేయకుండా చెప్పింది చేయడమేనని తండ్రి గర్వంగా చెప్పుకునేవాడు.

రోజుకు ఎనిమిది గంటలు, వారానికి ఆరు రోజులు. బడి ముఖం చూడలేదు. ఒక చిత్రం కోసం సముద్రపు నీళ్లలో ముంచి పట్టుకుంటే స్పృహ తప్పింది. మరో చిత్రం కోసం రైలు పెట్టె కింద ప్రయాణం చేసింది. 1923లో ‘ద డార్లింగ్ ఆఫ్ న్యూయార్క్’ తీసినప్పుడు మంటలంటుకున్న గదిలో నుంచి ఒంటరిగా బయటపడాలి. ఆ గదిని ఒక్కసారి ఊహించుకోండి. మంట నిజమైనది. కెమెరా, దాన్ని తిప్పేవాళ్లు మంటకు ఇవతల ఉన్నారు. అయిదేళ్లు నిండని పిల్ల అవతల ఉంది. మూకీ కాబట్టి కెమెరా తిరుగుతుండగానే ‘అటు వెళ్లు, ఇటు చూడు’ అని బయటి నుంచి అరిచి చెప్పవచ్చు. ఆ అరుపులు గానీ, పిల్ల ఏడుపు గానీ ఫిల్ములో పడవు. తెర ముందు కూర్చున్నవాళ్లకు కనిపించేది ముద్దొచ్చే ముఖం ఒక్కటే.

అలాగని ఆమెలో ప్రతిభ లేదనుకుంటే అదీ తప్పే. ‘కార్మెన్ జూనియర్’ లాంటి చిన్న చిత్రాల్లో పెద్దల కథలకు, పెద్ద తారల హావభావాలకు పేరడీ చేసింది. ఏ క్షణంలో ఆగాలో, ఏ క్షణంలో తల తిప్పాలో తెలియకపోతే ఆ నవ్వు పండదు. 1922లో ఆమె పేరున 12 లక్షలకు పైగా అభిమానుల ఉత్తరాలు వచ్చాయంటే ఊరికే రాలేదు. అది నేర్పు. ఆ నేర్పు వెనక ఉన్నది ఆట కాదు, కూలి.

ఇక 15 లక్షల డాలర్లు. అది నిర్మాత సోల్ లెస్సర్‌తో కుదిరిన ఒప్పందం నాటి అంకె. ‘కెప్టెన్ జాన్యువరీ’, ‘హెలెన్స్ బేబీస్’ 1924లో వచ్చాయి. 1925లో ఆ ఒప్పందం రద్దయింది. కాగితం మీది అంకెను ఏళ్లతో గుణించి, అంత సొమ్ము చేతికొచ్చినట్టు రాసేస్తున్నారు.

‘టాకీలు రాగానే అవకాశాలు పోయాయి’ అనేది తేదీలు చూస్తేనే కూలిపోయే మాట. మాటలు వినిపించిన ‘ద జాజ్ సింగర్’ విడుదలైంది 1927 అక్టోబరులో. పెగ్గీ సినిమా జీవితం తెగిపోయింది అంతకు రెండేళ్ల ముందే. జీతం విషయంలో తండ్రి లెస్సర్‌తో గొడవపడ్డాడు. ఒప్పందం పోయింది, మిగతా స్టూడియోల తలుపులూ మూసుకున్నాయి. 1926లో ‘ఏప్రిల్ ఫూల్’లో ఒక చిన్న పాత్ర, అంతే. అప్పటికి ఆమెకు ఏడెనిమిదేళ్లే.

గొంతు బాగాలేక పోయిందని ఇంకొందరు అంటారు. అసలు సంగతి పూర్తిగా తలకిందులుగా ఉంది. సినిమా తలుపు మూసుకున్నాక కుటుంబాన్ని పోషించింది ఆ గొంతే. 1925 నుంచి 1929 దాకా ఊరూరా తిరుగుతూ వాడెవిల్ (పాటలు, హాస్యం కలగలిపిన రంగస్థల వినోదం) వేదికల మీద, నిండు సభల ఎదుట మాట్లాడి జనాన్ని మెప్పించింది. ఒక్కో ప్రదర్శనకు ఆమె చేతిలో పెట్టింది అయిదు సెంట్ల నాణెం. చేసిన పనిలో నుంచి తనదంటూ దక్కింది అదే.

‘డబ్బంతా కన్నవాళ్లే తినేశారు’ అన్నదాంట్లో సగం నిజం ఉంది. ఖరీదైన కార్లు, ఇళ్లు, బట్టలు కొన్నారు. పాప పేరున ఒక్క డాలరు కూడా పక్కన పెట్టలేదు. కానీ మోసం చేసిన వ్యాపార భాగస్వాముల చేతుల్లో కొంత పోయింది. వయోమింగ్‌లో పశువుల క్షేత్రం పెట్టుకుని స్థిరపడదామనుకుంటే 1929 స్టాక్ మార్కెట్ పతనం ఆ ఆశనూ తుడిచేసింది. ఆ కుటుంబం 1932లో మళ్లీ హాలీవుడ్‌కు వచ్చి గుంపులో కనిపించే ఎక్స్‌ట్రా వేషాలు వేసింది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఈ కథనంలో అసలు కనిపించదు. అప్పటి కాలిఫోర్నియా చట్టం ప్రకారం పిల్లల సంపాదన తల్లిదండ్రుల సొత్తు. తప్పు ఒక ఇంటిదే అనుకుంటే ఆ చట్టాన్ని వదిలేసినట్టే.

ఆ చట్టాన్ని మార్చింది పెగ్గీ కేసు కాదు. చాప్లిన్ ‘ద కిడ్’లో నటించిన జాకీ కూగన్ పెద్దవాడయ్యాక, 1938లో తన తల్లి మీద, సవతి తండ్రి మీద దావా వేశాడు. సుమారు 40 లక్షల డాలర్ల సంపాదనలో అతనికి చివరకు దక్కింది 1,26,000. ఆ గొడవతోనే 1939లో బాలనటుల సంపాదనను కాపాడే కూగన్ చట్టం వచ్చింది. అప్పటికి పెగ్గీకి 20 ఏళ్లు, పోయిన సొమ్ము పోయినట్టే. పైగా ఆ చట్టంలో కంతలుండేవి. కోర్టు ఆమోదించిన ఒప్పందాలకే అది వర్తించేది. బాలనటుల సంపాదన వాళ్ల సొంత ఆస్తేనని, అందులో 15 శాతం విధిగా దాచాలని కాలిఫోర్నియాలో స్థిరపడింది 2000లో. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం బాలనటుల సంపాదనలో కనీసం 20 శాతాన్ని వాళ్ల పేరున జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి, రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. తెర మీద తమ పిల్లల్ని చూసుకోవాలనుకునే తెలుగు తల్లిదండ్రులు ఈ రెండు అంకెలను తప్పకుండా తెలుసుకోవాలి.

చివరిది, ‘అనామకురాలిగా కన్నుమూసింది’. ఇక్కడ నేను అస్సలు ఒప్పుకోలేను. పెద్దయ్యాక ఆమె టెలిఫోన్ స్విచ్‌బోర్డు దగ్గర, పుస్తకాల దుకాణంలో పని చేసుకుని బతికారు. బేబీ పెగ్గీ అనే పేరు నుంచి పారిపోవాలని పేరే మార్చుకున్నారు. 1954లో చిత్రకారుడు రాబర్ట్ కేరీని పెళ్లి చేసుకుని డయానా సెర్రా కేరీ అయ్యారు, ఒక కొడుకును పెంచారు. ఆ తర్వాత చరిత్రకారిణిగా మారారు. తండ్రిలాంటి కౌబాయ్‌లు సినిమాల్లో ఎలా నలిగారో 1975లో పుస్తకంగా రాశారు. హాలీవుడ్ బాలనటుల చరిత్ర రాశారు. 1996లో ఆత్మకథ, 2003లో జాకీ కూగన్ జీవితకథ వెలువరించారు. కూగన్ పేరుతో ఉన్న చట్టాన్ని తన పేరుకు అంటగట్టిన కథకు ఇంతకంటే సూటి జవాబు ఇంకేముంటుంది? 99 ఏళ్ల వయసులో నవల తెచ్చారు. బాలనటుల హక్కుల కోసం చివరి వరకూ మాట్లాడారు. 2020 ఫిబ్రవరి 24న ఆమె కన్నుమూస్తే, మూకీల నాటి చివరి పెద్ద తార వెళ్లిపోయిందని దేశదేశాల పత్రికలు రాశాయి. ఆమె సంపన్నురాలిగా పోలేదు, అది నిజం. అనామకురాలిగా మాత్రం పోలేదు.

పోయినవి ఆమె సినిమాలు. 150 వరకు చేసిందని చెప్పే చిన్న చిత్రాల్లో మిగిలినవి కొన్నే. 1926లో సెంచరీ స్టూడియోలో చెలరేగిన మంటల్లో చాలావరకు కాలిపోయాయి. ఇక దొరకదనుకున్న 1924 నాటి ‘అవర్ పెట్’ 2016లో జపాన్‌లో బయటపడింది. అప్పటికి డయానా గారు బతికే ఉన్నారు.