పరువైన రోగం కావాలి

రెండు చక్రాల బండికి వచ్చే జబ్బుల్లో పరువైనవీ పరువు తక్కువవీ అని రెండు తెగలున్నాయి. ఇంజను లోపలి బోరు అరిగిపోవడం పరువైన జబ్బు. "ఇంజను దించాల్సి వచ్చిందండీ" అని ఆఫీసులో అంటే పక్క సీటాయన కుర్చీ దగ్గరికి జరుపుకుంటాడు, ఎంతయిందని అడుగుతాడు, తన బావమరిది బండికి అంతకంటే ఎక్కువైందని చెప్పి ఓదారుస్తాడు. అదే "యాక్సిలరేటర్ వైరు పట్టేసిందండీ" అని చెప్పి చూడండి. ఫైల్లోంచి తల కూడా ఎత్తడు.

యాక్సిలరేటర్ గ్రిప్పు వదిలినా వేగం తగ్గని బండికి మన దగ్గర సరైన రోగనిర్ణయం జరగకపోవడానికి కారణం యంత్రంలో లేదు, పరువులో ఉందని నా నిశ్చితాభిప్రాయం. ప్రాణం మీదికి తెచ్చిన లోపం ప్రాణానికి తగ్గ ఖరీదైనా చేయాలి కదా! చావు తప్పి కన్ను లొట్టపోయి ఇల్లు చేరిన మనిషికి, ఇంతా చేసింది ట్యాంకు నింపే పెట్రోలులో సగం ఖరీదైనా చేయని ఒక తీగ అని చెబితే ఎంత చిన్నతనం!

సంఘటన ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఫ్లైఓవర్ దిగుతున్నారు. ఎదురుగా సిగ్నల్ ఎర్రబడింది. మీరు గ్రిప్పు వదిలారు. బండి వదల్లేదు.

ఆ క్షణాన క్లచ్ పూర్తిగా నొక్కి పట్టి, రెండు బ్రేకులూ వేసి, ఇంజను ఆపి, ఎడమ పక్కకు తీయాలి. క్లచ్ నొక్కగానే ఇంజనుకూ చక్రానికీ సంబంధం తెగిపోతుంది. మోసే బరువు లేని ఇంజను గావుకేకలు పెడుతుంది. సరిగ్గా అక్కడే మనవాళ్ల జాలిగుండె కరుగుతుంది. పాపం, ఇంజను ఏమైపోతుందోనని క్లచ్ వదిలేస్తారు. ఇంజనుకు విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. మోకాలి చిప్పకూ దొరుకుతాయి గానీ, అక్కడ బేరమాడనివ్వరు.

ఇంజను ఆపడానికి కుడిచేతి బొటనవేలికి అందేటట్లు ఎర్రటి కిల్ స్విచ్ ఒకటి చాలా బళ్లకు ఉంటుంది. మన దేశంలో దాన్ని యజమానులు వాడరు, వీధిలో ఆడుకునే పిల్లలు వాడతారు. ఆగి ఉన్న బండికి అది నొక్కేసి పారిపోతారు. యజమాని కిక్కు కొట్టి కొట్టి, ప్లగ్గు విప్పి తుడిచి, చివరికి బండిని మెకానిక్ దాకా తోసుకువెళతాడు. అలా పదిమందిలో నవ్వులపాలైన మనిషికి కూడా, బండి మీద తను ఉండగా ఆ స్విచ్ గుర్తుకు రాదు. అది లేని పాత బళ్లకు తాళంచెవి ఉంది, ఆఫ్ దాకా తిప్పితే చాలు. హ్యాండిల్ లాక్ దాకా తిప్పితే తరువాతి వ్యాసం చదివే అవకాశం ఉండదు. గేర్లు లేని స్కూటర్ల వారికి నొక్కడానికి క్లచ్చే లేదు గనుక బ్రేకులనూ స్విచ్చునూ నమ్ముకోవడమే.

సరే, బండి ఆగింది. జనం చేరారు. పెట్రోలులో నీళ్లు కలిశాయని ఒకరు. ప్లగ్గు మార్చమని మరొకరు. ఎవరి కళ్లు పడ్డాయోనని పెద్దాయన. వీళ్లు కాక, జేబులో స్క్రూడ్రైవర్‌తో పుట్టినవాడొకడు ప్రతి కూడలిలోనూ ఉంటాడు. అతడు మాట్లాడడు. వంగి, పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్ పక్కనున్న స్క్రూ తిప్పి ఐడ్లింగ్ (గ్రిప్పు తిప్పనప్పుడు ఇంజను తిరిగే వేగం) తగ్గించి, చేతులు దులుపుకుని వెళ్లిపోతాడు. అప్పటినుంచి ఆ బండి ప్రతి సిగ్నల్ దగ్గరా ఆరిపోతుంది, రెండు సిగ్నళ్ల మధ్య మాత్రం ఎప్పటిలాగే పట్టేస్తుంది.

నిజానికి ఈ జబ్బు కిటుకు ఒక్క ముక్కలో ఉంది. తీగ లాగగలదు, తోయలేదు. గ్రిప్పు తిప్పినప్పుడు తీగ కార్బొరేటర్‌లోని గాలి దారిని మూసే స్లైడును పైకి లాగుతుంది. దాన్ని కిందికి దించే బాధ్యత వేలెడంత స్ప్రింగుది. పెంచడానికి మనిషి చెయ్యి, తగ్గించడానికి ఒక చిన్న స్ప్రింగు. దారిలో ఎక్కడ కాస్త తుప్పు పట్టినా, మడత పడినా చెయ్యి గెలుస్తుంది, స్ప్రింగు ఓడుతుంది. అందుకే తీగ జబ్బుపడితే వేగం ఎక్కడం మానదు, దిగడం మానుతుంది. (నిత్యావసర సరుకుల ధరల సంగతి నేను ఎత్తలేదు.) పెద్ద బళ్లకు కొన్నింటికి ఈ చిక్కు తెలిసే రెండు తీగలు పెట్టారు, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి.

పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. ఇంజను ఆపి, గ్రిప్పు పూర్తిగా తిప్పి వదిలేయాలి. 'టక్'మని వెనక్కి కొట్టుకోవాలి. నెమ్మదిగా, ఆలోచించుకుంటూ వస్తే జబ్బు ఉన్నట్టే. హ్యాండిల్ నిటారుగా ఉంచి ఒకసారి, పూర్తిగా ఎడమకు తిప్పి ఒకసారి, కుడికి తిప్పి ఒకసారి చూడాలి. ఒక పక్కకు తిప్పినప్పుడే బిగుసుకుంటే, ఆ వైరు హ్యాండిల్ మెడ దగ్గరో ట్యాంకు కిందో నలుగుతోందన్న మాట. తరువాత న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాలి. మీరు గ్రిప్పు ముట్టకుండానే ఇంజను జోరందుకుంటే వైరు పొడవు చాలడం లేదు, లేదా దారి తప్పించి బిగించారు. గ్రిప్పు దగ్గర రెండు నుంచి ఆరు మిల్లీమీటర్ల వదులు ఉండాలని చాలా బళ్లతో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం సీటు కింద, ప్లాస్టిక్ కవరు విప్పకుండా, భద్రంగా ఉంది.

ఈ పరీక్షలో పెద్ద లోపం ఏమిటంటే, డబ్బు ఖర్చు కాదు. అందుకే ఎవరూ నమ్మరు.

నమ్మేవారుంటే, తరువాత గ్రిప్పును అనుమానించాలి. సిగ్నల్ దగ్గర కొన్న మెత్తటి తొడుగు పక్కకు జరిగి, హ్యాండిల్ చివరి బరువుకు ఒరుసుకుంటూ ఉండవచ్చు. ఫోను తగిలించే క్లిప్పు వైరు మెడను నొక్కుతూ ఉండవచ్చు. ఇక విజయదశమి వెళ్లిన వారమైతే అనుమానితుల సంఖ్య పెరుగుతుంది. బంతిపూల దండ వాడి రాలిపోయినా, దాని దారం గ్రిప్పుకూ స్విచ్చుల పెట్టెకూ మధ్య సందులో చుట్టుకుని ఉంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం, ట్యాంకు మీద స్వస్తిక్ వేస్తాం, గుమ్మడికాయతో దిష్టి తీస్తాం. ఏటేటా పూజలందుకునే ఆ హ్యాండిల్‌లోని వైరుకు మాత్రం ఏడాదికో నూనె చుక్క అందదు. పైగా సర్వీసింగ్ పేరుతో జెట్ నీళ్లు కొట్టిస్తాం. ఆ నీళ్లు తళతళలాడే ట్యాంకు మీదినుంచి జారి తిన్నగా వైరు తొడుగులోకే దిగుతాయి.

ఆ పైన ఒక్క పని మిగులుతుంది. కార్బొరేటర్ దగ్గర వైరు కొస తప్పించి గ్రిప్పు తిప్పి చూడాలి. ఇప్పటికీ బిగువుగా ఉంటే దోషం పైన. తేలికైపోతే దోషం కింద. ఈ ఒక్క దెబ్బతో సగం బండి నిర్దోషిగా విడుదలవుతుంది. బహుశా అందుకే చాలామంది మెకానిక్‌లకు ఈ పద్ధతి నచ్చదు.

పైనే అని తేలిందనుకోండి. స్విచ్చుల పెట్టె స్క్రూలు విప్పి, తీగ చివర గుండు ఉండే చోట వెలుతురులో చూడండి. సన్నటి ఉక్కు పోగులు పేనిన తీగ అది. వంపు తిరిగే చోట ఒక్క పోగు తెగి, కనుబొమ వెంట్రుకలా పైకి లేచి ఉంటుంది. లాగినప్పుడు ఆ పోగు తొడుగు అంచుకు ఒదిగి లోపలినుంచి బయటికి వచ్చేస్తుంది. తిరిగి వెళ్లేటప్పుడు ముల్లులా ఎదురు తిరిగి అంచుకు గుచ్చుకుంటుంది. మిమ్మల్ని లారీ కిందికి పంపబోయిన ప్రతినాయకుడు ఇతడే. నూనె వేస్తే లొంగడు. వైరు మార్చాలి. తుప్పు మాత్రమే అయితే పలచటి నూనె పై కొస నుంచి పోసి కింది కొస దాకా దిగనివ్వచ్చు. గ్రీజు కూరితే దుమ్ము చేరి బంకవుతుంది.

కింద అని తేలితే స్లైడు మీద మట్టీ జిగురూ, అలసిపోయిన స్ప్రింగూ. జబ్బు సర్వీసింగ్ చేయించిన మర్నాడే మొదలైతే ఇంకొకటి కూడా. స్లైడుకు కోత ఉన్న వైపు ఎయిర్ ఫిల్టరుకేసి ఉండాలి. తిప్పి బిగిస్తే అది పూర్తిగా దిగదు, ఇంజను పుట్టుకతోనే అరుస్తుంది. అయినా మనం పెట్రోలు బంకును తిడతాం గానీ నిన్న డబ్బిచ్చిన మెకానిక్‌ను అనుమానించం. డబ్బు తీసుకున్నవాడు తప్పు చేస్తాడా?

గ్రిప్పు టక్కుమని వచ్చి, స్లైడూ దిగి, ఇంజను జోరు మాత్రం తీరిగ్గా తగ్గుతుంటే అది వేరే జబ్బు. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు పగిలి, దొంగగాలి పీలుస్తూ ఉంటుంది. దాని మీద నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తే ఇంజను తీరు మారి దొరికిపోతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు చిలకరించి చూసే ధీరులూ ఉన్నారు. వారి ప్రయోగాలకు దూరంగా నిలబడండి.

ఈ పరువు పిచ్చి మనకే సొంతం అనుకుంటే పొరపాటు. అమెరికాలో టొయోటా కార్లు వాటంతటవే వేగం అందుకుంటున్నాయని 2009, 2010లలో పెద్ద అలజడి రేగింది. ప్రాణాలు పోయిన వ్యవహారం, నవ్వే విషయం కాదు. కంప్యూటర్లలో ఏదో ఉందన్న అనుమానం బలపడి, అక్కడి ప్రభుత్వం ఏకంగా నాసా ఇంజనీర్ల సాయం కోరింది. 2011 ఫిబ్రవరిలో నివేదిక వచ్చింది. అంత పెద్దఎత్తున వేగం పెంచగల ఎలక్ట్రానిక్ లోపమేదీ వారికి కనిపించలేదు. అప్పటికే తెలిసిన యాంత్రిక కారణాలు రెండే మిగిలాయి: అతుక్కుపోయే పెడల్, దాన్ని నొక్కిపెట్టే కాళ్లకింది పట్టా. చంద్రుడి మీదికి మనుషులను పంపిన సంస్థ వచ్చి చూస్తే కాళ్లకింద పట్టా!

2020 ఏప్రిల్ 1న పొగ కాలుష్యాన్ని కట్టడి చేసే బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో కార్బొరేటర్ దాదాపు మాయమైంది. ఖరీదైన కొన్నిటిలో తీగే లేదు, గ్రిప్పు తిరిగిన సంగతి సెన్సార్ చెబుతుంది. చాలా బళ్లలో మాత్రం ఇంధనం కొలిచేది కంప్యూటర్, గాలి తలుపు తెరిచేది అదే పాత తీగ. సెన్సార్ పోయిందని చెప్పుకునే గౌరవం మాత్రం మధ్యతరగతికి కొత్తగా దక్కింది.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. యాక్సిలరేటర్ వైరు ధరను ఇరవై రెట్లు పెంచాలి. వెల్వెట్ పెట్టెలో పెట్టి అమ్మాలి. మార్చే ముందు ఇంజను దించి, కాసేపు గుడ్డ కప్పి ఉంచి, మళ్లీ ఎక్కించాలి. అప్పుడుగానీ జనం దాన్ని అనుమానించరు, అనుమానిస్తేగానీ మార్చరు.

ఇది నా సొంత ఆలోచన అనే భ్రమలో ఉండగా, మొన్న మా వీధి రిటైర్డ్ తహసీల్దారు గారు తన బండి బిల్లు గర్వంగా చూపించారు. ఇంజను పని, కార్బొరేటర్ ఓవరాలింగ్, ట్యూనింగ్, టాపెట్ల సెట్టింగ్, అన్నిటికీ నిండైన అంకెలు. అట్టడుగున 'చిల్లర సామాను' అని ఒక వరుస. ఏమిటండీ ఇది అని అడిగాను.

"ఏదో వైరుటండీ," అన్నారాయన. "దానికి మాత్రం ఎక్కువ వేశాడు. గట్టిగా అడిగి ఇరవై రూపాయలు తగ్గించాను."