మీ సౌకర్యం కోసం, మీ డాలర్లలోనే

క్రూజు రేవులో డబ్బు పోగొట్టుకోవడం ఎవరికైనా చేతనవుతుందని లోకంలో ఒక అపోహ ఉంది. దానికి నియమం, నిష్ఠ, కొంత ముందస్తు ఏర్పాటు కావాలి. కార్డు గొప్పదా, నగదు గొప్పదా అని వాదించుకునే ఉభయపక్షాలూ ఈ సంగతిని ఘోరంగా విస్మరించాయి. నష్టపోవాలన్న సంకల్పం గట్టిదైతే రెండూ సమానమే. ఎటొచ్చీ దేని పద్ధతి దానిది. టెక్సాస్ రేవు గాల్వెస్టన్‌లో ఓడెక్కి మెక్సికో, కరీబియన్ రేవులు చూసి రాబోయే డాలస్, హ్యూస్టన్ తెలుగు కుటుంబాల కోసం ఆ పద్ధతులను ఇక్కడ క్రోడీకరిస్తున్నాం.

శాస్త్రం అర్థం కావాలంటే ఉదాహరణ కావాలి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో కాపురముంటున్న ఒక అల్లుడుగారిని, ఆరు నెలల వీసా మీద హైదరాబాదు నుంచి దిగిన ఆయన మావగారిని ఊహించుకోండి. అల్లుడుగారు సామాన్యుడు కాడు. బెండకాయలు పౌనుకు ఇరవై సెంట్లు తక్కువని పది మైళ్లు కారు తోలే మనిషి. పెట్రోలు ఎక్కడ చవకో చెప్పే యాప్ ఒకటి, కూపన్ల యాప్ రెండు ఆయన ఫోనులో ఉన్నాయి. ఇంతటి వాడు మెక్సికో దీవి కోజుమెల్ రేవులో కాలు మోపగానే మహాదాతగా ఎలా మారతాడన్నదే మన పరిశోధన.

సాధన ఓడ మీదే మొదలవ్వాలి. ఓడలో నగదుతో పనిలేదు. గది తలుపు తెరిచే కార్డే పర్సు, దానికి మన కార్డొకటి ముడిపెడతారు. ఇక్కడ డెబిట్ కార్డు ఇవ్వడం శ్రేష్ఠం. అయ్యే ఖర్చుకు ముందుగానే ఓడవాళ్లు బ్యాంకులో కొంత సొమ్ము పట్టి ఉంచుతారు. క్రెడిట్ కార్డైతే పరిమితి కాస్త తగ్గుతుంది, నొప్పి తెలియదు. డెబిట్ కార్డైతే మన ఖాతాలో సొమ్మే బిగుసుకుపోయి, ఓడ దిగిన తర్వాత కూడా కొన్ని రోజులు కదలదు. ఈలోగా ఇంటి వాయిదా వెనక్కి కొట్టిందంటే యాత్ర జ్ఞాపకాలు నాలుగు కాలాలపాటు నిలుస్తాయి.

ఇక రేవు. అక్కడ బోర్డుల మీద ధరలన్నిటికీ గీత కొట్టిన 'ఎస్' గుర్తు ఉంటుంది. అది డాలరుదే అనుకోవడం అల్లుడుగారి జన్మహక్కు. నిజానికి ఆ గుర్తు పెసో నుంచే డాలరుకు వచ్చిందని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు. మెక్సికోలో చెల్లే పెసోకు ఇప్పటికీ అదే గుర్తు. ఓడ దిగిన చోట కొట్లలో 50 అంటే డాలర్లు. నాలుగు వీధులు లోపలికి వెళితే 180 అని రాసినవి పెసోలు, అంటే పది డాలర్ల భోజనం. మన కుటుంబాలు ఆ 180 చూసి గుండె పట్టుకుని, వెనక్కి వచ్చి రేవు పక్కన నలభై డాలర్లకు తృప్తిగా తింటాయి.

బేరం దగ్గరికి వద్దాం. ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే. వెండి గొలుసు 70 డాలర్లు అన్నాడు కొట్టువాడు. అల్లుడుగారు రెండుసార్లు గడప దాటి వెళ్లిపోయినట్టు నటించి, 50కి దింపారు. మావగారి కళ్లలో మెరుపు. "అబ్బో, అల్లుడుగారూ, మా మొజంజాహీ మార్కెట్లో కూడా ఇంత బేరం చూడలేదండీ!" కార్డు బయటికొచ్చింది. ఇప్పుడు అసలు లెక్క చూడండి. ఈ పూటకు బ్యాంకు మారకం డాలరుకు 18 పెసోలు అనుకుందాం. కార్డు యంత్రం మెక్సికో బ్యాంకుది, దానికి తెలిసింది పెసోలే. కాబట్టి కొట్టువాడు తన డాలరు ధరను ముందు పెసోలు చేయాలి. ఎంత లెక్కన చేస్తాడన్నది ఆయన ఇష్టం. 19 లెక్కన కొడితే 950 పెసోలు అయింది. అప్పుడు యంత్రం ఎంతో వినయంగా అడుగుతుంది: మీ సౌకర్యం కోసం మీ డాలర్లలోనే చెల్లిస్తారా? తెర మీద రెండు వరుసలు. పైన 950 పెసోలు, కింద 56 డాలర్ల 55 సెంట్లు. డాలరు పక్కనే పచ్చ బటన్.

"నొక్కనా బాబూ?" అన్నారు మావగారు.

"నొక్కండి మావయ్యగారూ, మనకు డాలర్లయితేనే లెక్క తెలుస్తుంది."

నొక్కారు. యంత్రం వేసిన మారకం 16.80. తేడా సొమ్మును యంత్రం నడిపే కంపెనీ, బ్యాంకు, కొట్టువాడు పంచుకుంటారు. అందుకే అంత వినయం. పైగా చాలా కార్డులకు విదేశీ లావాదేవీ రుసుము మూడు శాతం ఉంటుంది. అమ్మినవాడు విదేశంలో ఉంటే చాలు, బిల్లు డాలర్లలో పడినా సరే దాన్ని వేసే బ్యాంకులు బోలెడు. కలిపితే 58 డాలర్ల పైచిలుకు. గడప రెండుసార్లు దాటి గెలిచిన ఇరవైలో ఎనిమిది, బటన్ ఒక్కసారి నొక్కి తిరిగిచ్చేశారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనకండి, నొప్పి తెలిస్తేగా!

కొందరు పిసినారులు ఇక్కడ అడ్డుపుల్ల వేస్తారు. బేరం మొదట్నుంచీ పెసోల్లోనే ఆడతారు. రుసుము లేని కార్డు తెస్తారు, యంత్రాన్ని తమ చేతిలోకి తీసుకుని పెసోల వరుసే నొక్కుతారు. అదే గొలుసు 900 పెసోలకు బేరమైతే కార్డు మీద పడేది 50 డాలర్లే. కొట్టువాడే తొందరపడి డాలర్లు నొక్కేస్తే, ఆ బిల్లు అక్కడికక్కడే రద్దు చేసి మళ్లీ కొట్టమంటారు. "సిస్టం ఒప్పుకోదు సెన్యోర్" అంటే, చీటీ మీద డాలరు మొత్తం కొట్టేసి, పెసోల అంకె చుట్టూ సున్నా చుట్టి, 'నన్ను అడగలేదు' అని రాసి ఫొటో తీసుకుంటారు. ఇంటికెళ్లాక బ్యాంకుతో తగువుకు అది పనికొస్తుందట. ఎందుకంటే ఆ చీటీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'నాకు ఏ కరెన్సీ కావాలో ఎంచుకునే అవకాశం ఇచ్చారు' అని మన తరఫున ముందే ముద్రించి ఉంటుంది. ఇలాంటి మనుషులతో ఓడ ప్రయాణం చేస్తే ఏం సుఖం?

కార్డు వద్దు, నగదే దేవుడు అనే వారికీ నిరాశ అక్కర్లేదు. ఇరవై డాలర్ల నోటు తీసి ముప్ఫై పెసోల నీళ్లసీసా అడగండి. కొట్టువాడు డాలరుకు 15 కడతాడు. ఇరవైకి 300, సీసా పోను 270 పెసోలు చిల్లర చేతిలో పెడతాడు. మీ ఇరవై అసలు విలువ 360. సీసా తొంభై పడింది. నీళ్లే కదా, తాగేయండి. ఆ 270లో చిల్లర నాణేలుంటాయి. నాణేలను టెక్సాస్‌లో ఏ బ్యాంకూ తీసుకోదు, ఓడలో చెల్లవు, మర్నాడు వచ్చే రేవు వేరే దేశం. ఫ్రిస్కోలో వంటింటి సొరుగులో పాత తాళంచెవులు, చైనా రెస్టారెంట్ సాస్ పొట్లాలతో పాటు వాటికి శాశ్వత నివాసం దొరుకుతుంది.

నోట్లు ఎంచుకోవడంలోనూ శ్రద్ధ ఉండాలి. వందలు, ఇరవైలే పట్టుకెళ్లండి. అంచు చిరిగినవి, పెన్ను గీతలున్నవి అయితే మరీ మంచిది. అక్కడి బ్యాంకులు అలాంటి డాలర్లను తిప్పికొడతాయి కనుక కొట్టువాడు కూడా చూసీ చూడగానే తిప్పికొడతాడు. కోజుమెల్ టాక్సీలకు మీటర్లుండవు, ఎక్కడికి ఎంతో నిర్ణయించిన పట్టీ ఉంటుంది. మామూలుగా నగదే. ఇరవై ఇస్తే చిల్లర లేదంటాడు, అందులో ఆశ్చర్యమేముంది? బీచిలో కుర్చీ వేసినవాడు, వ్యాను డ్రైవరు, గైడు, మరుగుదొడ్డి దగ్గర కాగితం అందించే పెద్దావిడ, వీళ్లెవరికీ కార్డు గీకలేరు. దిగే ముందు ఒకట్ల నోట్లు తెచ్చుకోవాలని ఓడలో అందరికీ ఒకే ఉదయం, ఒకే గంటలో గుర్తొస్తుంది. సేవల కౌంటరు దగ్గర వరుస మెట్ల దాకా వస్తుంది, ఒకట్లు మధ్యలోనే అయిపోతాయి. బయల్దేరే ముందు ఊళ్లో బ్యాంకు కిటికీ దగ్గర అడిగితే నూరు నోట్ల ఒకట్ల కట్ట ఇచ్చేవారు. దానికి పది అయిదుల నోట్లు కలిపితే మామా అల్లుళ్లిద్దరికీ వారం గడిచేది. కానీ అంత సులువుగా జరిగితే వరుసలో నిలబడి ఆంధ్రా, తెలంగాణా రాజకీయాలు మాట్లాడుకునే అవకాశం పోదూ?

నగదు చాలకపోతే రేవులో ఏటీఎంలు స్వాగతం పలుకుతాయి. కొన్ని నేరుగా అమెరికా డాలర్లే ఇస్తాయి. మెక్సికో వచ్చి డాలర్లు తీసుకోవడానికి రుసుము కట్టడం ఎంత హుందాగా ఉంటుందో చూడండి. క్రెడిట్ కార్డు పెడితే ఇంకా ఘనం. అది అప్పు కింద లెక్క. సాధారణంగా అయిదు శాతమో, పది డాలర్లో, ఏది ఎక్కువైతే అది కోసి, వడ్డీ ఆ రోజు నుంచే నడుపుతారు. వంద తీసినా, నలభై తీసినా పది పోవాల్సిందే. డెబిట్ కార్డు పెడితే మొదటి తెరలో యంత్రం రుసుము, రెండో తెరలో మళ్లీ ఆ పాత ప్రశ్న: మా మారకానికి ఒప్పుకుంటారా, తిరస్కరిస్తారా? తిరస్కరిస్తే డబ్బు రాదేమోనని జనం గజగజలాడి ఒప్పుకుంటారు. తిరస్కరించినా డబ్బు మామూలుగా వస్తుంది, మారకం మీ బ్యాంకు చూసుకుంటుంది. ఆ బటన్‌కు ఆ పేరు పెట్టినవాడు మనస్తత్వశాస్త్రంలో మనందరికీ గురువు.

మావగారి హైదరాబాదు కార్డుకు వేరే అధ్యాయం రాయాలి. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డుకు విదేశీ వాడకం మూసే ఉంటుంది, మనమే తెరవాలి. తెరవడానికి ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే సిమ్ము అమీర్‌పేటలో బీరువాలో, పాత నోకియాలో ఉంది. ఎలాగో తెరిచినా పిన్ అడుగుతుంది. పిన్ అత్తగారికి తెలుసు, ఆవిడ తొమ్మిదో అంతస్తు బఫేలో ఉన్నారు. అన్నీ కుదిరితే విదేశీ వాడకానికి 3.5 శాతం మార్కప్ రుసుము, దానిపై 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13 శాతం చాలా కార్డులకు. యంత్రం రూపాయలు చూపిస్తే మాతృభూమి మీద ప్రేమతో అదే నొక్కుతారు. దానికి యంత్రం మారకం వేరు, కొన్ని బ్యాంకుల అదనపు వడ్డన వేరు. డాలర్లు నింపుకొచ్చిన ఫారెక్స్ కార్డును పెసోల్లో గీకినా కరెన్సీ మార్పిడి రుసుము పడే కార్డులే ఎక్కువ.

ఒకటికి మించి దేశాలు చూసే ఓడైతే బ్యాంకు కూడా సాయపడుతుంది. నిన్న హోండురస్, ఇవాళ బెలీజ్ అనగానే దొంగతనమని అనుమానించి కార్డు ఆపేస్తుంది. 'ఇది మీరేనా?' అన్న సందేశం, సముద్రపు రోమింగ్ భయానికి ఆపి ఉంచిన ఫోనుకు వస్తుంది. రెండో బ్యాంకు కార్డు చేతిలో ఉంటే గండం గడిచేది. అది వేరే పర్సులో ఉంది. ఆ పర్సు ఓడలో గది బీరువాలో ఉంది.

మిగతా రేవుల సంగతి త్వరగా. బెలీజ్‌లో రెండు బెలీజ్ డాలర్లకు ఒక అమెరికా డాలరు, మారని లెక్క. కాబట్టి 'పది డాలర్లు' అన్నప్పుడు ఏ డాలర్లని అడగకూడదు, అడిగితే సగమే అవుతుంది. గ్రాండ్ కేమన్‌లో స్థానిక డాలరే బలమైనది. కొట్లలో అమెరికా డాలరుకు 80 సెంట్లే కడతారు, 20 అని ఉన్న చొక్కా 25 పడుతుంది. చవకని నాలుగు కొనండి. జమైకాలో భోజనం వేలల్లో ఉంటుంది. మావగారికి గుండె దడ తప్ప పెద్ద నష్టం లేదు, అక్కడి వేయి డాలర్లు అమెరికావి ఆరేడు. బహామాస్‌లో మాత్రం ఒకటికి ఒకటి. అక్కడ మన విద్య ప్రదర్శించడానికి చోటు తక్కువ.

తిరిగి కోజుమెల్‌కు. ఓడ ఎక్కేముందు అల్లుడుగారి జేబులో రెండు నీలం నోట్లు మిగిలాయి. మెక్సికోలో పాత 20 పెసోల నోటు నీలం, మీద ఒకప్పటి అధ్యక్షుడు బెనిటో హువారెజ్ బొమ్మ. 2018లో వచ్చిన 500 నోటు కూడా నీలమే, మీద ఆ హువారెజే. వెనక్కి తిప్పితే 500 మీద తిమింగలం కనబడుతుంది. పరుగులో ఎవరు తిప్పుతారు? రోజంతా వ్యాను తోలిన కుర్రాడికి అల్లుడుగారు ఒక నోటు చేతిలో పెట్టి, "ఇరవై చాలు మావయ్యగారూ, ఎక్కువిస్తే అలవాటవుతుంది" అన్నారు. కుర్రాడు నోటు చూశాడు, అల్లుడుగారిని చూశాడు, టోపీ తీసి నడుం దాకా వంగాడు. ఓడ మెట్లెక్కే దాకా చెయ్యూపుతూనే ఉన్నాడు.

"చూశారా మావయ్యగారూ, ఇరవై పెసోలకే ఎంత మర్యాదో!" అన్నారు అల్లుడుగారు, జేబులో మిగిలిన ఆ రెండో నీలం నోటును భద్రంగా మడతపెడుతూ. అది ఇరవై.