మా సందు మొదట్లో కట్టిన సరుగుడు కర్ర గారికి

మహారాజశ్రీ సరుగుడు కర్ర గారి దివ్యసముఖానికి, విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక సందులో కాపురముంటున్న నేను రాసుకునే ఉత్తరం. ఉభయ కుశలోపరి.

ఈ మాట మా తాత ప్రతి కార్డు ముక్క మీదా రాసేవాడు. అదేదో అలవాటుగా రాసే మాట అనుకునేవాణ్ని. 2020లో కరోనా వచ్చాక తెలిసింది, ఉభయులూ కుశలమో కాదో తేలాలంటే ముక్కులో పుల్ల పెట్టించుకోవాలి, రోజుల తరబడి ఫోన్ చూసుకుంటూ కూర్చోవాలి, ఈలోగా మీరు వచ్చి వీధికి అడ్డం పడతారు.

మిమ్మల్ని నేను మొదట చూసింది టీవీలో. ఆ ఏడాది మార్చి మూడో వారం. ఊళ్లో మొదటి కేసు అల్లిపురంలో బయటపడింది, అక్కడి వీధులకి మీరు అడ్డంగా నిలబడ్డారు. అంతవరకూ మీరంటే పెళ్లి పందిళ్లు, వినాయకచవితి మండపాలు, స్లాబు వేసేటప్పుడు సెంట్రింగు. సముద్రం ఒడ్డున ఇసకలో పెరిగి గాలికి ఈలలు వేసుకుంటూ బతికిన మీకు రాత్రికి రాత్రి ప్రభుత్వోద్యోగం వచ్చింది. పరీక్ష లేదు, సిఫారసు లేదు, అడ్డంగా ఉండటమే అర్హత. ఆ అర్హతతో ఆఫీసుల్లో పైకొచ్చినవాళ్లు మీకంటే ముందూ ఉన్నారనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజు మా సందంతా ఒక్క మాట మీద ఉంది. ఎదురు మేడ మీద ఉండే పోర్టు మావయ్య (పోర్టులో చేసి రిటైరయ్యాడు, సందు మొత్తానికి మావయ్యే) పిట్టగోడ మీంచి వంగి, "గట్టిగా కట్టాలి. ఈగ కూడా దూరకూడదు. జనానికి భయం లేదు" అన్నాడు. ఆయన లెక్కలో జనం అంటే అల్లిపురం వాళ్లు. మేమందరం తలూపాం. మీరు వేరేవాళ్ల వీధిలో ఉన్నంతకాలం మీ అంత మంచి ప్రభుత్వ చర్య ఇంకోటి లేదండి.

మార్చి 22 ఆదివారం సాయంత్రం ఐదింటికి పళ్లేలు కొట్టాం. మా పక్కింటివాళ్లు కొత్త స్టీలు పళ్లేన్ని గరిటెతో కొట్టి సొట్ట చేశారు. మూడో రోజు ఉగాది. ముందురోజు రాత్రి ఎనిమిదింటికి ప్రధానమంత్రి టీవీలో కనిపించి, ఇంకో నాలుగు గంటల్లో దేశమంతా మూత అన్నారు, 21 రోజులు. మా అమ్మకి వేపపువ్వు దొరకలేదు. ఉగాది పచ్చట్లో చేదు లేకపోతే ఎలారా అని బాధపడింది. ఆ ఏడు ఆ లోటు ఎవరూ రానివ్వలేదు. కొత్త సంవత్సరం పేరు శార్వరి. శార్వరి అంటే రాత్రి కదా, అందుకే ఇలా జరిగిందని పంచాంగం పంతుళ్లు యూట్యూబులో వివరంగా చెప్పారు, జరిగాక.

ఇంగ్లీషువాళ్లు ప్లేగు రోజుల్లో, 1897లో, చేసిన అంటువ్యాధుల చట్టాన్ని మళ్లీ బయటికి తీశారు. నాలుగే సెక్షన్లు. మందు సంగతి లేదు, మంచం సంగతి లేదు. సర్కారుకి ఏం చెయ్యాలనిపిస్తే అది చెయ్యొచ్చని మాత్రం ఉంది. ఆ చట్టాన్ని మాకు చదివి వినిపించినవారు లేరు. మీరు నిలబడ్డారు, అదే చట్టం అనుకున్నాం.

కూరగాయలకి పొద్దున్న ఆరు నుంచి ఒంటిగంట వరకూ అన్నారు. జనం గుమిగూడుతున్నారని పదకొండుకి తగ్గించారు. ఏడు గంటల్లో వచ్చే జనాన్ని ఐదు గంటల్లో రమ్మంటే గుంపు పల్చబడుతుందని ఎవరు లెక్క కట్టారో గానీ, నాకు ఆ వారం వంకాయలకంటే మోచేతులే ఎక్కువ తగిలాయి.

అప్పటి ముఖ్యమంత్రి జగన్ గారి పారాసిటమాల్ సంగతి కూడా చెప్పుకోవాలి. మార్చి 15న స్థానిక ఎన్నికలు వాయిదా పడ్డాయన్న కోపంలో ఆయన ప్రెస్ మీట్ పెట్టి, కరోనాకి పారాసిటమాల్, బ్లీచింగ్ పౌడరు అన్నారు. సగం రాష్ట్రం నవ్వింది. నేనూ నవ్వాను, నాలుగు గ్రూపుల్లో ఫార్వర్డ్ కూడా చేశాను. జూలైకల్లా నా చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట పారాసిటమాల్ స్ట్రిప్పు ఉంది. నవ్వినవాళ్ల ఇళ్ల ముందు బ్లీచింగ్ చల్లకపోతే వార్డు సచివాలయానికి ఫోన్ చేసి తిట్టింది కూడా ఆ నవ్వినవాళ్లమే. పరీక్షలు చెయ్యడంలో మన రాష్ట్రం దేశంలో ముందు వరసలో ఉందని పేపర్లో వస్తే, "ఎక్కువ చేస్తున్నారు కాబట్టే ఎక్కువ కేసులు" అని పోర్టు మావయ్య విసుక్కున్నాడు. అంతకు ముందు నెల "టెస్టులెక్కడ?" అని విసుక్కున్నది ఆయనే.

మే 4న మద్యం దుకాణాలు తెరిచారు. మీ జాతంతా ఆ రోజు అక్కడే డ్యూటీలో ఉంది. సున్నంతో గుండ్రాలు గీసి, మీ మధ్యలోంచి మనిషి వెనక మనిషిని పంపారు. ధర మొదట 25 శాతం పెంచి, మర్నాటికి మొత్తం 75 శాతం చేశారు. మద్యం మాన్పించడానికే అన్నారు. వరస మాత్రం తగ్గలేదు. మన జిల్లాలో వరసలు చూడటానికి బడి పంతుళ్లకి డ్యూటీ వేశారు, గుర్తుందా? చదువు చెప్పిన సారు టోకెన్ ఇస్తుంటే పాత విద్యార్థులు చేతులు కట్టుకుని నిలబడ్డారట. బళ్లో ఎప్పుడూ అంత క్రమశిక్షణ చూసి ఉండడు పాపం.

మూడు రోజుల తర్వాత, మే 7 తెల్లవారుజామున, వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకైంది. 12 మంది పోయారు. ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని తర్వాత కమిటీ రాసింది. నలభై రోజులుగా "ఇంట్లోంచి కదలొద్దు" అని చెప్పిన మైకులే ఆ చీకట్లో "ఇళ్లు వదిలి పరిగెత్తండి" అన్నాయి. జనం ముక్కుకి గుడ్డ కట్టుకుని పరిగెత్తారు. ఆ గుడ్డలు వేరే దానికోసం కొనుక్కున్నవి. దీని మీద నాకు వ్యంగ్యం రాదు, ముందుకు పోతాను.

ఆ నెల 16న మా అక్కయ్యపాలెం దగ్గరే హైవే మీద ఒక డాక్టరుగారిని పోలీసులు చేతులు వెనక్కి విరిచి కట్టారు. నర్సీపట్నం ఆసుపత్రిలో మత్తు డాక్టరు. మాస్కులు చాలడం లేదని ఏప్రిల్లో అన్నందుకు అప్పటికే సస్పెన్షన్లో ఉన్నారు. పోలీసులు చెప్పే కథ వేరు. హైకోర్టు దాన్ని సీబీఐకి ఇచ్చింది. మా సందులో మాత్రం ఆ సాయంత్రమే తీర్పు వచ్చేసింది, రెండు తీర్పులు. ఎవరు ఏ పార్టీకి ఓటేశారో తెలిస్తే ఎవరిది ఏ తీర్పో అడగక్కర్లేదు. ఆ తాడు గురించి ఎవరూ మాట్లాడలేదు. మిమ్మల్ని కట్టే తాడు లాంటిదే.

ఇక మన సంగతి. జూలై.

మా నాన్నకి జ్వరం వచ్చింది. శాంపిల్ ఇచ్చాం. రెండ్రోజులు, మూడ్రోజులు, నాలుగు రోజులు. ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడటం, తీస్తే లోను కావాలా అని అడగటం. మేం ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గు వినిపించేది, ఆ తర్వాత జాగ్రత్తలు, ఆ తర్వాత మనిషి.

ఐదో రోజు సాయంత్రం సందు మొదట్లో ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి మిమ్మల్ని దింపారు, మీరు నలుగురు. ఇద్దరు మనుషులు, బైండింగ్ వైరు చుట్ట, ఒక ఫ్లెక్సీ. నేను గేటు దగ్గర నిలబడి, ఎవరికో పాపం అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఎవరికో తెలుసుకుందామనే వెళ్లాను.

"ఎవరికండీ?"

అతను వైరు మెలిపెడుతూ తలెత్తకుండా అన్నాడు. "మీకేనండి. మీ నాన్నగారికి పాజిటివ్ అటండి. మెసేజీ రాలేదేటండి?"

కర్ర గారూ, అలా తెలిసింది నాకు. ల్యాబు చెప్పలేదు, ఫోన్ చెప్పలేదు, వారానికి రెండుసార్లు వచ్చి "దగ్గుందా, జలుబుందా" అని రాసుకెళ్లే వాలంటీరు అమ్మాయికీ తెలీదు. నీకు తెలుసు. చెట్టు నరికి తెచ్చిన కర్రకి తెలుసు మా నాన్న రిపోర్టు. చూశారా, ఏకవచనం వచ్చేసింది, క్షమించాలి. ఆ పూట అలాగే పిలిచాను, ఇంకా చాలా అన్నాను కూడా.

గంటలో అంబులెన్సు వచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే ఒక్కసారిగా 1,088 కొత్త 108, 104 బళ్లు జెండా ఊపి పంపారు. ఇది వాటిలోదే అయ్యుంటుంది, కొత్త పెయింటు వాసన. వచ్చి, మీ ముందు ఆగింది. డ్రైవరు దిగి మిమ్మల్ని చూశాడు. మీరు అతన్ని చూశారు. ఆయనా ప్రభుత్వమే, మీరూ ప్రభుత్వమే. ఎవరు తప్పుకోవాలో జీవోలో లేదు. కట్టినవాళ్లు అప్పటికే ఇంకో సందు కట్టడానికి వెళ్లిపోయారు.

వైరు విప్పుదామంటే చేత్తో రాలేదు. పక్క మేడలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, నాకు మంచి స్నేహితుడు. కేకేశాను. దిగి రాలేదు. పై నుంచి కటింగ్ ప్లేయర్ విసిరి, "నీ దగ్గరే ఉంచీ గురూ, మళ్లీ తేవక్కర్లేదు" అన్నాడు. అది కాలువలో పడబోయి అంచున ఆగింది. నేను తీసి రెండు మెలికలు తెంపాను, మూడోది తెగలేదు.

మా నాన్న అంతా చూస్తూ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ సంచి, అందులో తువ్వాలు, బ్రష్షు, కళ్లజోడు పెట్టె. "ఎందుకురా పాడు చేస్తావ్, ప్రభుత్వ సొమ్ము" అని, పంచె ఓ చేత్తో పైకి పట్టుకుని, డెబ్బై ఏళ్ల మనిషి, మీ కింద నుంచి వంగి అవతలికి వెళ్లాడు. వెళ్తూ మీ మీద చెయ్యి వేసి నిలదొక్కుకున్నాడు. వెంటనే డ్రైవరు ఆ చోట శానిటైజరు కొట్టాడు. మీకు.

మా సందు అభిప్రాయం ఆ రాత్రికి మారిపోయింది. "ఇదేం ప్రభుత్వం, మనుషుల్ని పశువుల్లా కట్టేస్తారా?" అన్నాడు పోర్టు మావయ్య, ఈగ కూడా దూరకూడదన్న ఆయనే. పాలవాడు మీ దగ్గర ఆగి ప్యాకెట్లు విసిరేవాడు. మిగతావాళ్లందరూ మామూలుగా మీ కింద నుంచి వంగి వెళ్లొచ్చేవాళ్లు. మొదటి వారం సిగ్గుపడుతూ, తర్వాత ఫోన్ మాట్లాడుకుంటూ. వైరస్ వంగలేదని నమ్మకం.

నాన్న రెండు వారాలకి తిరిగొచ్చాడు. మిమ్మల్ని తీసేశారు. తీసేసిన రాత్రి మా సందులోవాళ్లే మిమ్మల్ని మళ్లీ కట్టారు, తెలుసు కదా? వెనక వీధిలో కేసొచ్చిందని. ఆ వీధివాళ్లు ఇటు నుంచి నడవకూడదని. ప్రభుత్వం చేసిన ముడికంటే మాదే గట్టిగా ఉంది.

అసలు నా ఫిర్యాదు ఇది కాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మీరెక్కడున్నారు?

అప్పుడు సందులో మూడిళ్లలో ఒకింట్లో దగ్గు. మీరు రాలేదు, ఫ్లెక్సీ రాలేదు, బ్లీచింగ్ గీత రాలేదు. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ అన్నారు, అంతే. ఆక్సిజన్ కోసం ఊరంతా ఫోన్లు. మన ఉక్కు ఫ్యాక్టరీ నుంచే దేశంలో మొదటి ఆక్సిజన్ రైలు ఏడు ట్యాంకర్లతో మహారాష్ట్రకి వెళ్లింది, ఏప్రిల్లో. అదే ఫ్యాక్టరీని అమ్మేస్తామని జనవరిలో ఢిల్లీ నిర్ణయం, అమ్మొద్దని కార్మికుల దీక్షలు. ఊపిరి మాట ఊపిరే, అమ్మకం మాట అమ్మకమే. ఇంకోవైపు జనం నెల్లూరు జిల్లా కృష్ణపట్నం బాట పట్టారు, నాటువైద్యుడు ఆనందయ్య మందుకి. నెలక్రితం వ్యాక్సిన్ అంటే సైడ్ ఎఫెక్టులు గూగుల్లో వెతికినవాళ్లు కంట్లో చుక్కల మందుకి ఏ ప్రశ్నా అడగలేదు. మా పోర్టు మావయ్య కూడా ఎవరి ద్వారానో తెప్పించుకోవాలని చూశాడు. అది చేరలేదు. ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి తీసుకెళ్లారు. సందు మొదట్లో ఏ అడ్డమూ లేదు, ఆటో ఆగకుండా వెళ్లిపోయింది. అక్కడి నుంచి జ్ఞానాపురం శ్మశానానికే. నలుగురం వెళ్లాం.

ఇప్పుడు మీలో ఇద్దరు ఇక్కడే ఉన్నారు. తీసుకెళ్లడం మర్చిపోయారో, లెక్కలో రాసేశారో. మూల మీద టిఫిన్ బండి పిన్ని మిమ్మల్ని పాతుకుని, ఆ ఫ్లెక్సీనే తిరగేసి పైన కప్పుకుంది. ఎండ పడ్డప్పుడు ఇడ్లీ తింటూ తలెత్తితే "ప్రవేశం లేదు" అని అక్షరాలు వెనక్కి కనిపిస్తాయి. నేను తినేటప్పుడు అవే చదువుతాను, వేరే చదవడానికేమీ లేక.

మొన్న ఆదివారం ఎలక్ట్రీషియన్ తలుపు కొట్టాడు. ఫ్యాను బిగించాలట ఎక్కడో.

"గురూ, నా కటింగ్ ప్లేయర్ మీ ఇంట్లో ఉండిపోయినట్టుంది, చూడు."

ఇట్లు,
సందులో మూడో ఇల్లు