బరువు లెక్కలో కంచం వాటా ఎంత, నడక వాటా ఎంత?

బరువు తగ్గడంలో తిండిది 70 శాతం, వ్యాయామానిది 30 శాతం అని జిమ్ ట్రైనర్లు చెబుతుంటారు. కొందరు 80–20 అంటారు. వినడానికి బాగానే ఉంటుంది గానీ, ఈ అంకెలు పట్టుకుని ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. ఎందుకంటే రెండూ ఒకే పనిని చెరికాస్త పంచుకునేవి కావు. కిలోలు దించే పని ప్రధానంగా కంచానిది. దిగే కిలోల్లో కండ పోకుండా కాపాడటం, దిగిన బరువు మళ్లీ ఎక్కకుండా చూడటం వ్యాయామం పని. ఈ తేడా తెలియకే, పొద్దున్నే పార్కులో చెమటలు కక్కేవాళ్లలో చాలామందికి నెలలు గడిచినా ముల్లు కదలదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో 30 శాతం. ఆ సర్వే బీఎంఐ (కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె) 25 దాటినవారినే లెక్కలోకి తీసుకుంది. భారతీయులకు డాక్టర్లు 23 నుంచే జాగ్రత్త చెబుతారు. నడుము చుట్టుకొలత ఆడవాళ్లకు 80, మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటితే బీఎంఐ ఎంతున్నా పట్టించుకోవాల్సిందే.

ఒక లెక్క వేద్దాం. 42 ఏళ్ల మహిళ, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 70 కిలోలు, కూర్చుని చేసే ఉద్యోగం. ఆమె ఒంటికి రోజుకు సుమారు 1,800 క్యాలరీలు ఖర్చవుతాయి. కిలో కొవ్వులో దాదాపు 7,700 క్యాలరీలు ఉంటాయి. రోజుకు 500 లోటు పెడితే వారానికి అరకిలోకు కాస్త తక్కువ తగ్గాలి. అందులో 45 నిమిషాల చురుకైన నడక ఇచ్చేది 150, మహా అయితే 170. నడక అయ్యాక పార్కు గేటు పక్కన రెండు ఇడ్లీ, ఒక వడ, దండిగా చట్నీ లాగిస్తే 300 పైనే. రోజువారీ టిఫినుకు బదులుగా తింటే ఇబ్బంది లేదు. ‘నడిచాం కదా’ అని అదనంగా తింటేనే నడక ఎటో పోతుంది.

మిగతా 350 కంచంలోంచే రావాలి. దానికి అన్నం మానేయక్కర్లేదు. మొదట చూడాల్సింది నూనె డబ్బా. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు అయిపోతుంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే 340 క్యాలరీలు. దాన్ని మూడు లీటర్లకు తెస్తే రోజుకు 135 దాకా మిగులుతాయి, కూర రుచి పెద్దగా మారదు. పోపుకు నూనె సీసా వంచి పోయడం మాని చెంచాతో కొలవాలి, వేపుళ్లు వారానికి రెండుసార్లు చాలు. రెండు పూటల అన్నంలో కలిపి 150 గ్రాములు, అంటే ఒక కప్పు, తగ్గిస్తే ఇంకో 195. రెండు టీల్లో చక్కెర మానేస్తే 70. మొత్తం 400. ఇందులోంచి ఒక గుడ్డుకో గరిటెడు పప్పుకో 70–80 వెనక్కి ఇచ్చినా 320 నికరం.

అన్నం బదులు కొర్రలు, జొన్నరొట్టె తింటే బరువు తగ్గుతుందన్న నమ్మకం మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల జొన్నలు, కొర్రల్లోనూ క్యాలరీలు దాదాపు ఒకటే, 330 నుంచి 350 దాకా. చిరుధాన్యాల్లో పీచు ఎక్కువ, కడుపు తొందరగా నిండుతుంది, రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది. ఆ మేరకు మంచివే. కొర్రల బిర్యానీ అని నాలుగు గరిటెల నెయ్యి పోస్తే మాత్రం పేరు తప్ప ఏమీ మారదు.

ఇక్కడ చాలామంది ఇంకో గోతిలో పడతారు. తిండి బాగా తగ్గించి, సూపులు, జ్యూసులతో నెట్టుకొస్తూ, వ్యాయామం అక్కర్లేదనుకుంటారు. మొదటి వారంలో రెండు కిలోలు తగ్గేసరికి ఉత్సాహం ఆకాశంలో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం నీరు. కాలేయంలో, కండరాల్లో నిల్వ ఉండే ప్రతి గ్రాము గ్లైకోజెన్ (ఒళ్లు దాచుకునే చక్కెర) సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. ఆ నిల్వ ఖాళీ అయితే నీరూ పోతుంది, అన్నం తిన్న మర్నాడే తిరిగొస్తుంది. ఆ తర్వాత తగ్గే బరువులో, ప్రొటీన్, కండరాల వ్యాయామం లేకపోతే, నాలుగో వంతు దాకా కండే పోవచ్చు. తిండి మళ్లీ మామూలైతే తిరిగొచ్చేది మాత్రం ఎక్కువగా కొవ్వే. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఒకటి. 2025లో మన మార్కెట్లోకి వచ్చిన మౌంజారో, వెగోవీ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్లు తీసుకునేవారికీ కండ విషయంలో ఇదే హెచ్చరిక.

కాబట్టి ప్రొటీన్. చేరాలనుకున్న బరువు 60 కిలోలైతే, కిలోకు 1.2 గ్రాముల చొప్పున రోజుకు 72 గ్రాములు. అన్నం, పప్పు, చారు, పెరుగుతో గడిచే శాకాహార భోజనం లెక్కేస్తే 40 దగ్గర ఆగిపోతుంది. పప్పు తింటున్నాం కదా అంటారు గానీ, పలుచని పప్పుచారులో మనిషి వాటాకు వచ్చే కందిపప్పు పిడికెడు కూడా ఉండదు. 30 గ్రాముల మీల్‌మేకర్‌తో 15 గ్రాములు, 40 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికిస్తే 8, గ్లాసు పాలతో 6 వస్తాయి. మాంసాహారులకు సులువే, రెండు గుడ్లు 12, వంద గ్రాముల చికెన్ 20 పైనే. వేరుశనగలు మంచివే గానీ గుప్పెడుకే 170 క్యాలరీలు, సంచి పక్కన పెట్టుకుని తినేవి కావు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.

ఇక కండకు పని. నడక ఒక్కటే చాలదు. వారానికి రెండు రోజులు, పాతికేసి నిమిషాలు చాలు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు పుషప్స్, రెండు లీటర్ల నీళ్ల సీసాలు పైకెత్తడం, మెట్లు ఎక్కడం, వెల్లకిలా పడుకుని నడుము లేపడం. ఒక్కోటి 10–12 సార్లు, మూడు విడతలు. చివరి రెండుసార్లు కష్టంగా అనిపించాలి. అనిపించడం లేదంటే బరువు పెంచాలి. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు, ఆర్నెల్లైనా అదే అరకిలో డంబెల్ ఊపుతుండటం.

నడకలో దెబ్బతినేది మొదటి నెలలో. 85 కిలోల మనిషి ఏకంగా పదివేల అడుగులతో మొదలుపెట్టి, సిమెంటు రోడ్డు మీద చెప్పులతో నడిచి, మూడో వారానికి మడమ నొప్పితో మంచం పట్టడం మామూలే. 15–20 నిమిషాలతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచితే రెండు నెలల్లోపే 45 నిమిషాలకు చేరతారు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం సరైనది. ఉదయం కుదరకపోతే భోజనం తర్వాత పదిహేనేసి నిమిషాలు నడిచినా సరే, షుగర్ ఉన్నవారికి అది ఇంకా మేలు. అయితే గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నం తగ్గించి నడక పెంచితే చక్కెర ఉన్నట్టుండి పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మోతాదు మాట్లాడాలి.

వ్యాయామాన్ని ఎడాపెడా పెంచితే లోటూ పెరుగుతుందన్నది కూడా అంత నిజం కాదు. టాంజానియాలో వేట, సేకరణతో బతికే హడ్జా ప్రజలు రోజంతా తిరుగుతారు. అయినా ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే వాళ్ల మొత్తం క్యాలరీ ఖర్చు పాశ్చాత్య నగరవాసులతో సమానంగానే ఉందని 2012లో తేలింది. ఒళ్లు ఒకచోట ఖర్చు పెరిగితే ఇంకోచోట పొదుపు చేసుకుంటుంది. గంటన్నర జిమ్ చేసి మిగతా రోజంతా సోఫాకు అతుక్కుపోయేవాళ్లలో ఇది కళ్లకే కనిపిస్తుంది.

ఆదివారం సంగతి విడిగా చెప్పాలి. ఆరు రోజులు 500 చొప్పున ఆదా చేస్తే 3,000. ఆదివారం బిర్యానీ, కూల్ డ్రింక్, డబుల్ కా మీఠాతో అవసరానికి మించి 1,500 లోపలికి పోతే వారం కష్టంలో సగం అక్కడే చెల్లు. బిర్యానీ మానక్కర్లేదు, ఒక ప్లేటు ఇద్దరు పంచుకుంటే సరి. మర్నాడు కిలో ఎక్కువ చూపిస్తే కంగారొద్దు, అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. అందుకే బరువు రోజూ ఉదయం బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక చూసి, వారం సగటును ముందు వారం సగటుతో పోల్చాలి.

ఆరేడు కిలోలు తగ్గాక బరువు ఆగిపోతుంది. ఒళ్లు చిన్నదైంది, దాని ఖర్చూ రోజుకు వంద, నూటయాభై తగ్గింది. ఉప్పు, నెలసరి నీరు ఇలాంటివి కాదని తేలడానికి మూడు వారాలు ఆగి, అప్పటికీ కదలకపోతే ఇంకో అరకప్పు అన్నం తగ్గించాలి, లేదా నడకకు పావుగంట కలపాలి. రోజుకు 1,200 క్యాలరీల కిందకు సొంతంగా దిగొద్దు. అనుకున్న బరువు చేరాక లెక్క మారుతుంది. ఇప్పుడు నడకే ముందు, వారానికి 250–300 నిమిషాలకు తగ్గకుండా చూసుకోవాలి. అన్నం 50 గ్రాముల చొప్పున వెనక్కి తెచ్చుకుంటూ, ప్రతి పెంపు తర్వాత రెండు వారాల సగటు చూసుకోవాలి. నడుము కొలత రెండు సెంటీమీటర్లు పెరిగిన వారమే ఆ చివరి 50 గ్రాములు తీసేయాలి, పండగ అయ్యాక చూద్దామని వాయిదా వేయకుండా.