పాచిక పడకముందే చెప్పాలి

మా రోల్‌ప్లేయింగ్ ఆట టేబుల్ దగ్గర ఒక దొంగ పాత్ర చచ్చిపోయి రెండేళ్లు దాటింది. ఆ పాత్ర ఆడిన అమ్మాయికి అదే మొదటి ఆట, ఆడిస్తున్నది నేను. రాత్రిపూట ఇళ్ల పైకప్పుల మీద పరుగు, వెనక తరుముకొస్తున్న నగర కాపలావాళ్లు, ముందు ఒక సందు. "ఎంత వెడల్పు ఉంటుంది?" అని అడిగింది. పది అడుగులన్నాను. "దూకేస్తా" అంది. డైస్ వెయ్యమన్నాను. ఇరవై ముఖాల పాచిక మీద 8 పడింది, తన నైపుణ్యం 5 కలిపితే 13. సందు దాటాలంటే 15 రావాలని నేను మనసులో అనుకున్నాను. ఆ అంకె బయటికి చెప్పలేదు. పడిపోయావన్నాను. ముప్పై అడుగుల ఎత్తు కాబట్టి మూడు ఆరు ముఖాల పాచికలు వేశాను, 11 వచ్చింది. దొంగకున్న ప్రాణం మొత్తం 9. కింద సందులో స్పృహ లేకుండా పడున్న దొంగ దగ్గరికి మిగతావాళ్లు చేరుకునేలోపే అంతా అయిపోయింది.

మూడు వారాల తర్వాత ఆ అమ్మాయి రూల్ బుక్ చదివి వచ్చింది. "అన్నా, పది అడుగులు పరుగెత్తుకొచ్చి దూకితే, బలం ఎంతుందో అన్ని అడుగులు దాటొచ్చని ఇక్కడుంది. నా దొంగ బలం 12 కదా?"

నిజమే. మేం ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట 2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది. అసలు పాచికే అక్కర్లేదు. నాకు ఆ రాత్రి అది గుర్తు రాలేదు. టేబుల్ దగ్గర ఇంకెవరికీ రూల్స్ తెలియవు కాబట్టి నా తప్పు పట్టుకునేవాళ్లూ లేకపోయారు. నియమాలు ఆట నడిపే గేమ్ మాస్టర్ దగ్గరే ఉంటే రహస్యాలతోపాటు ఆయన పొరపాట్లు కూడా దాగిపోతాయని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలో నలుగురైదుగురు కూర్చుని తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, అడవి, శత్రువులు, వాతావరణం అన్నీ ఆ ఒక్కరి నోటి నుంచే వస్తాయి. పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు, ఫలితం అనుమానమైతే పాచిక తేలుస్తుంది. ఆ పాచికని ఎలా చదవాలో చెప్పేవే రూల్స్. వాటిలో ఎన్ని ఆటగాళ్లకు చెప్పాలి, ఎన్ని తన దగ్గరే ఉంచుకోవాలి అన్నది ఈ ఆట పుట్టినప్పటి నుంచీ నడుస్తున్న పంచాయితీ.

దాచాలనేవాళ్ల వాదనకు పెద్ద చరిత్రే ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి క్రీగ్‌స్పీల్ అనే యుద్ధాభ్యాసాన్ని పై అధికారుల ముందు పెట్టాడు. రెండు పక్షాలూ తమ ఆదేశాలు కాగితం మీద రాసి అంపైరుకిచ్చేవి. పటం మీద ముక్కలు జరపడం, పాచికలు వెయ్యడం, పట్టికలు చూసి నష్టం లెక్కగట్టడం అంతా అంపైరు పని. 1876లో వెర్డీ డు వెర్న్వా అనే మరో అధికారి ఈ పట్టికలు కూడా వద్దు, యుద్ధం చూసిన అంపైరు తీర్పు చాలన్నాడు. ఆటగాళ్లకు నియమాలు తెలియకపోయినా అక్కడ ఆట బాగానే నడిచింది. ఎందుకు నడిచిందన్నదే అసలు సంగతి.

ఆ ఆటగాళ్లు సైనికాధికారులు. గుర్రపు దళం గంటలో ఎంత దూరం పోతుందో, బురదలో ఫిరంగి బండి లాగడమంటే ఏమిటో వాళ్లకు అనుభవమే. పట్టిక చూడకపోయినా అందులో ఏముంటుందో ఊహించగలరు. మరి ఆదివారం సాయంత్రం ఫ్లాట్‌లో మిక్చర్ గిన్నె చుట్టూ కూర్చున్న మనకు ఏం అనుభవముంది? మనలో ఎవరూ కవచం తొడుక్కుని కత్తి తిప్పలేదు. పైకప్పు మీంచి పైకప్పుకి దూకలేదు. ఆ దొంగ మాత్రం చిన్నప్పటి నుంచి అదే పని మీద ఉంది. సందు చూడగానే దాటగలనా లేదా అన్నది దాని కాళ్లకి తెలిసిపోతుంది. ఆడుతున్న అమ్మాయికి అది తెలియాలంటే దారి ఒక్కటే, రూల్. పాత్రకున్న చూపు ఆటగాడికి రూల్ రూపంలోనే అందుతుంది. దాన్ని దాచిపెట్టి "ఊహించుకో" అంటే, కళ్లకు గంతలు కట్టి దారి వెతకమన్నట్టే.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని అచ్చువేసినప్పుడు ఆ అంపైరు సంప్రదాయం వెంటే వచ్చింది. తర్వాత వచ్చిన అడ్వాన్స్‌డ్ ఎడిషన్‌లో ఆటగాళ్ల పుస్తకం 1978లో, గేమ్ మాస్టర్ పుస్తకం 1979లో వెలువడ్డాయి. ఎవరి దెబ్బ తగలాలంటే ఎంత పడాలో చెప్పే పట్టికలు రెండో దానిలోనే ఉన్నాయి. ఆటగాడెవరూ ఆ పుస్తకం జోలికి రాకూడదని గైగాక్స్ ముందుమాటలోనే గట్టిగా హెచ్చరించాడు. అంటే పదేళ్లు సాధన చేసిన యోధుడికి కూడా, తన కత్తి ఎదుటివాడికి తగిలే అవకాశం ఎంతో తెలుసుకునే హక్కు లేదు. ఇది నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 1989 నాటి రెండో ఎడిషన్ ఆ అంకెల్ని ఆటగాళ్ల పుస్తకంలోకి తెచ్చింది, 2000లో వచ్చిన మూడోది లెక్కనంతా బయట పెట్టేసింది.

అన్నీ చెప్పేస్తే భయం పోతుంది, మాయ పోతుంది అంటారు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. కానీ భయానికే పేరుపడ్డ ఆట చూడండి. 1981లో వచ్చిన కాల్ ఆఫ్ కతూలూలో ప్రతి నైపుణ్యం క్యారెక్టర్ షీట్ మీద, అంటే పాత్ర వివరాల కాగితం మీద, శాతాల్లో రాసి ఉంటుంది. వెతికే నైపుణ్యం 40 అని ఉంటే, వంద సార్లలో నలభై సార్లు దొరుకుతుందని ఆటగాడికి తెలుసు. పాత్ర మతి ఎంత మిగిలిందో కూడా అంకెగా కళ్లముందే ఉంటుంది, అది ఒక్కొక్కటే తరుగుతుంటే చూస్తూ కూర్చోవాలి. ఆ ఆట ఆడిన రాత్రి ఇంటికెళ్లి లైటు ఆర్పడానికి ఆలోచించినవాడిని నేను. నన్ను భయపెట్టింది తలుపు వెనక ఏముందో తెలియకపోవడం. తలుపు తెరవడానికి ఎంత పడాలో తెలిసినందువల్ల ఆ భయం రవ్వంత కూడా తగ్గలేదు.

నేను గీసుకున్న గీత ఇదే. ఆట ఎలా నడుస్తుందన్నది అందరిదీ. ఆ లోకంలో ఏం దాగుందన్నది గేమ్ మాస్టర్‌ది. రాజుగారి మంత్రి ద్రోహి అన్న సంగతి దాచాలి. మంత్రి అబద్ధం పట్టుకోవాలంటే ఏ నైపుణ్యం వాడాలో చెప్పాలి. మధ్యలో కొన్ని చిక్కులున్నాయి, ఒప్పుకుంటాను. ట్రోల్ అనే రాక్షసి గాయాలు వాటంతటవే మానిపోతాయి, నిప్పు గానీ యాసిడ్ గానీ తగిలితేనే ఆ మానడం ఆగుతుంది. ఇది రూలా, రహస్యమా? నా దృష్టిలో రహస్యమే, వెతికి తెలుసుకోవాల్సిందే. అయితే ట్రోల్‌లు తిరిగే అడవి పక్క ఊళ్లో పుట్టిన పాత్రకి వాళ్ల నాయనమ్మ చిన్నప్పుడే చెప్పి ఉంటుంది కదా. అలాంటప్పుడు డైస్ అడక్కుండా ఆ ఆటగాడికి నేనే చెప్పేస్తాను.

కొన్ని కొత్త ఆటలు ఈ గీతని చక్కగా పట్టుకున్నాయి. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్‌లో కొన్ని పాచికల్ని ఆటగాడి బదులు గేమ్ మాస్టరే చాటుగా వేస్తాడు. గదిలో ఎవరైనా దాక్కున్నారా అని చూసేటప్పుడు 2 పడిందని తెలిస్తే, "ఎవరూ లేరు" అన్న మాటను ఎవరు నమ్ముతారు? అందుకని అంకె దాస్తారు. దాస్తామన్న సంగతి మాత్రం ఆటగాళ్లూ చదివే మూల నియమాల పుస్తకంలోనే రాసి ఉంది. 2017 నాటి బ్లేడ్స్ ఇన్ ది డార్క్ ఇంకా నిక్కచ్చి. పాచిక ముట్టకముందే నీ పరిస్థితి అదుపులో ఉందా, ప్రమాదంలో ఉందా, తెగించాల్సిన దశకి వచ్చిందా అన్నది గేమ్ మాస్టర్ చెప్పి తీరాలి. విన్నాక ఆటగాడు వెనక్కి తగ్గొచ్చు, ఇంకో దారి చూసుకోవచ్చు. ఆ ఒక్క రూల్‌ని నేను ఆడించే ప్రతి ఆటలోకి తెచ్చేసుకున్నాను. ఇక 1984 నాటి పారనోయాలో రూల్స్ తెలిసినట్టు కనబడటమే రాజద్రోహం. కానీ అది అలాంటి ఆటేనని తెలిసే అందరూ కూర్చుంటారు.

అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఇదేం కొత్త కాదు. పక్కింటి పిల్లలతో ఆడేటప్పుడు గవ్వలు చేతిలోకి తీసుకోకముందే అడిగేవాళ్లం. మీ ఇంట్లో ఒక్క కాయనైనా చంపితేనే లోపలి గళ్లలోకి పోనిస్తారా, ఊరికే పోనిస్తారా అని. ఏదైనా సరే, ముందు తేలాలి. సగం ఆటలో కాయ గడి ముందు నిలబడ్డాక కొత్త రూల్ చెబితే పిల్లలు కూడా ఊరుకోరు. పెద్దవాళ్ల ఆటలో మాత్రం గేమ్ మాస్టర్ తన ముందు అడ్డుగా పెట్టుకునే స్క్రీన్ వెనక అంకె మార్చేస్తే దాన్ని నేర్పు అంటున్నాం. కథ కోసమే మార్చాల్సి వస్తే, "ఈ రూల్ ఇవాళ పక్కన పెడుతున్నా, కారణం ఇది" అని పైకే చెప్పాలి. ఆఖరి మాట గేమ్ మాస్టర్‌దే అన్నదానికి దీనివల్ల ఏ లోటూ రాదు.

నష్టం లేదనను. రూల్స్ బాగా తెలిసిన ఆటగాడు లోకాన్ని చూడటం మానేసి షీట్ చూడటం మొదలుపెడతాడు. కాపలావాడితో ఏం మాట్లాడతావంటే "పర్సుయేషన్ వేస్తా" అంటాడు, అంటే ఒప్పించే నైపుణ్యానికి పాచిక. మా టేబుల్‌లోనూ జరిగింది. దీనికి మందు రూల్స్ దాచడమని చాలామంది అనుకుంటారు. నాకు పనిచేసింది వేరు. "ఏం వేస్తావో తర్వాత, ముందు ఏమంటావో చెప్పు" అని ప్రతిసారీ అడుగుతాను. అడగ్గా అడగ్గా అలవాటైంది. వాదనకి దిగే రూల్స్ లాయర్ల బెడద నాకు పెద్దగా ఎదురుకాలేదు. ఎదురైన ఒకరిద్దరూ చాలాసార్లు కరెక్టే చెప్పారు.

తెలుగువాళ్ల టేబుళ్ల దగ్గర ఇంకో గోడ ఉంది, భాష. ఈ పుస్తకాలన్నీ ఇంగ్లీషులో, ఇప్పటివి చాలావరకు మూడొందల పేజీలకు పైమాటే. మేం ఆడేది తెలుగులో. "పీడీఎఫ్ గ్రూప్‌లో పెట్టా, చదువుకోండి" అంటే రూల్స్ పంచుకున్నట్టు కాదు. మాలో సగం మంది అది తెరవను కూడా తెరవలేదు. అందుకని ఒక పేజీలో తెలుగులో రాసి ప్రింట్లు తీశాను. ప్రమాదం నుంచి బయటపడటానికి వేసే సేవింగ్ త్రోని "తప్పించుకునే డైస్" అన్నాం, ఇప్పుడు మా దగ్గర అదే స్థిరపడింది. తేలికైన పనికి 10, ఓ మోస్తరుదానికి 15, కష్టమైనదానికి 20, ఈ మూడు అంకెలూ పేజీ పైనే ఉన్నాయి. దూరం దూకే రూల్ కిందే ఉంది. ఐదో ఎడిషన్ మూల నియమాల్ని ప్రచురణకర్తలు 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలం ఎవరిదో పేరు చెబితే చాలు, ఎవరైనా తెలుగులోకి తెచ్చి పంచుకోవచ్చు. ఎవరో ఒకరు పూర్తిగా తెస్తారని ఎదురుచూస్తున్నాను.

ఆ అమ్మాయి ఇప్పటికీ మాతోనే ఆడుతోంది, ఈసారి గూఢచారి పాత్ర. పోయిన ఆదివారం ఒక కోట గోడ ఎక్కాల్సి వచ్చింది. "రాళ్లు తడిగా ఉన్నాయి, 15 పడాలి. నీకు కలిసేది 3, అంటే 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ వెయ్యాలి. జారితే ఇరవై అడుగులు, రెండు డైస్ దెబ్బ" అన్నాను. పాచిక చేతిలోకి తీసుకుంది. నిమిషంసేపు వేళ్ల మధ్య తిప్పింది. మళ్లీ కింద పెట్టేసి, పక్కవాడి వైపు తిరిగింది.

"నీ సంచిలో తాడుందా?"