సీల్ తీసేశా సార్, పోసెయ్యనా?

చెన్నైలో పెట్రోలు బంకుకు వెళ్లి ఒక్క పెట్రోలు మాత్రమే పోయించుకుని బయటపడటం ఈమధ్య గగనమైపోయింది. ఒకప్పుడు మీటర్లో సున్నా చూపించేవాళ్లు, ఇప్పుడు సున్నా కన్నా ముందు, పెట్రోల్లో కలిపితే మైలేజి పెరుగుతుందని చెప్పే మందు ఉన్న బొటనవేలంత సీసా చూపిస్తున్నారు. మనం కార్డు కోసం జేబులు తడుముకుని తలెత్తేలోపు మూత చుట్టూ ఉండే ప్లాస్టిక్ రింగు తెగిపోయి ఉంటుంది, "సీల్ తీసేశా సార్, పోసెయ్యనా?" అని అడుగుతారు. వెనకాల ఆటో హారన్, దాని వెనకాల ఇంకో హారన్. సీల్ తీసింది ఆయన, కానీ వద్దంటే సొమ్ము నష్టపరిచిన పాపం మాత్రం మనది.

సరే, ఇంత పట్టుదలగా అమ్ముతున్నారంటే విషయం లేకుండా ఉంటుందా అని లేబుల్ పూర్తిగా చదివాను. మైలేజి 15 శాతం దాకా పెరుగుతుందట, పికప్ పెరుగుతుందట, పొగ తగ్గుతుందట, శబ్దం తగ్గుతుందట, ఇంజన్ ఆయుష్షు పెరుగుతుందట. ఇంకో రెండు లైన్లు ఖాళీ ఉంటే పిల్లల చదువు గురించి కూడా హామీ ఇచ్చేవాళ్లే. సీసాలో ఉన్నది 50 మిల్లీలీటర్లు, ధర 300 రూపాయలు. నేను లెక్కేసినప్పటి ధర లీటరు 101 చొప్పున 35 లీటర్ల ట్యాంకు నింపితే దాదాపు 3,500. అంటే ఆ 300 తిరిగి రావాలంటేనే మైలేజి 8.5 శాతం పెరగాలి, లాభం సంగతి ఆ తర్వాత. ఇంకోలా చెప్పాలంటే టీ గ్లాసు కూడా నిండని ద్రవం 3 లీటర్ల పెట్రోలు చేసే పని చేయాలి. లేబుల్ మాట నిజమైతే 5 లీటర్ల పైనే. అంత శక్తి ఉన్న పదార్థాన్ని కార్లలో పోయడమేంటి, పక్కనే శ్రీహరికోట ఉంటే!

ఇది ఎలా పనిచేస్తుందని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "పెట్రోలు పూర్తిగా మండుతుంది సార్." మంచిదే. కానీ ఇప్పటి ఇంజన్లో పెట్రోలు నూటికి 98 పాళ్లు ఎలాగూ మండుతూనే ఉంది. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది, అది చెప్పినట్టు కంప్యూటర్ ఎంత గాలికి ఎంత పెట్రోలు వదలాలో క్షణక్షణం సరిచేస్తూ ఉంటుంది. నష్టం మండకపోవడం వల్ల కాదు, మండిన తర్వాత. వేడిలో చాలా భాగం రేడియేటర్ నుంచీ పొగగొట్టం నుంచీ బయటికి పోతుంది, మూడో వంతు కూడా చక్రాల దాకా చేరదు. దాన్ని ఆపడం సీసా వల్ల కాదు. మండకుండా మిగిలే ఆ రెండు పాళ్లలోంచే 15 శాతం పిండుతానంటే, ఆ లెక్క నేర్పిన బడి ఏదో చెబితే మా పిల్లల్ని అక్కడ మాత్రం చేర్పించను.

మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్లో గూడూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, అందరికీ బాబాయే. ఈ సీసాల విషయంలో మాకు గురుస్వామి. నేను ఆయన దగ్గరికెళ్లి, పోశాను బాబాయ్, ఏమీ తేడా లేదు అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి, "ఒక్క ట్యాంకుకే ఎట్టా తెలుస్తాది నాయనా? మూడు ట్యాంకులు, మధ్యలో తెగకుండా" అన్నారు. అప్పుడర్థమైంది, ఇది కారుకు వేయించే దీక్ష అని. నియమాలు వరసగా చెప్పారు. అరవై దాటి పోకూడదు. యాక్సిలరేటర్ మీద కాలు పువ్వు మీద పెట్టినట్టు పెట్టాలి. ఏసీ వీలైనంత వరకు నిషిద్ధం. సడన్ బ్రేకు అపచారం. డిక్కీలో ఉన్న పాత సామానంతా దించేయాలి. సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆపేయాలి. పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడే బయల్దేరాలి. ఒక్క సీసా తప్పినా దీక్ష భంగం, మళ్లీ మొదటి నుంచి. పోసేటప్పుడు ముందు సీసా, తర్వాత పెట్రోలు. తిరగబడితే ఫలం దక్కదు. పక్క బ్లాకు కుర్రాడొకడు ఈ నియమాలన్నీ పాటించి, పాత మహాబలిపురం రోడ్డు మీద వెనకనున్నవాళ్లందరి తిట్లూ ప్రసాదంలా స్వీకరిస్తూ నడిపి, మూడో ట్యాంకు చివర్లో కళ్లు చెమర్చి, "పెరిగింది బాబాయ్!" అన్నాడు. పెరగదా మరి? ఆ నియమాలతో సీసాలో గంగాజలం పోసినా పెరుగుతుంది. నేను ఆ మాటే అంటే బాబాయ్ చిన్నబుచ్చుకున్నారు. "నమ్మకం లేకుండా పోస్తే అది మటుకు ఏం జేస్తాది?" అన్నారు. ఇంజనుకు నమ్మకం ఏ పైపులోంచి వెళ్తుందో నాకింతవరకు బోధపడలేదు.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1970ల నుంచి ఇలాంటి పరికరాలు, కలుపుడు ద్రవాలు వందకు పైగా పరిశీలించింది. మైలేజిని చెప్పుకోదగ్గంతగా పెంచింది ఒక్కటీ దొరకలేదు. ఏదో కాస్త పెంచినవాటిలో కొన్ని పొగను ఎక్కువ చేశాయి. ఆ దేశంలో పెట్రోల్లో ఏం కలిపి అమ్మాలన్నా ఈపీఏ దగ్గర నమోదు చేయించాలి, అది చట్టం. నమోదైతే పనిచేస్తుందని అర్థం కాదు. అయినా సీసా మీద "ఈపీఏ రిజిస్టర్డ్" అని బంగారు రంగులో కొడతారు. రేషన్ కార్డు చూపించి జమీందారునని చెప్పుకున్నట్టుంది.

మనవాళ్లేం తక్కువ తినలేదు. 1996లో రాజపాళయం వైపు నుంచి రామర్ పిళ్లై అనే ఆయన వచ్చి, నీళ్లలో మూలికలు వేసి మరిగించి పెట్రోలు చేస్తానంటే పెద్దపెద్దవాళ్లే ప్రదర్శన పెట్టించి చూసి నోరెళ్లబెట్టారు. తర్వాత శాస్త్రవేత్తలు పట్టుకున్నది కలిపే కర్రని. లోపల డొల్ల, అందులో ఇంధనం, కొసన మైనం. అంత జరిగాక కూడా 1999, 2000 నాటికి చెన్నైలో అంగళ్లు పెట్టి మూలికా పెట్రోలు అమ్మితే జనం క్యూ కట్టారు. అందులో ఉన్నది టొలీన్, నాఫ్తా లాంటివని సీబీఐ అంది. 2016లో ఎగ్మూరు కోర్టు మూడేళ్ల శిక్ష వేసింది.

అన్ని సీసాలనూ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఇంజెక్టర్లకు పట్టిన మడ్డిని కరిగించే డిటర్జెంట్లు నిజంగానే ఉన్నాయి, మడ్డి పట్టిన పాత బండికి పోయిన మైలేజిలో కొంత తిరిగొస్తుంది. శుభ్రంగా ఉన్న బండికి రాదు. అంతే.

నవ్వుకోవడం ఇక్కడిదాకా బాగానే ఉంది. మొన్న నన్ను ఎయిర్‌పోర్టులో దించిన క్యాబ్ డ్రైవర్‌ది సూళ్లూరుపేట. కారు మీద ఈఎంఐ నడుస్తోంది. ట్యాంకు నింపిన ప్రతిసారీ ఒక సీసా పోయిస్తాడట. ఎందుకన్నా అంటే, "మైలేజి పడిపోయిందన్నా, ఏదో ఒకటి చెయ్యాల గదా" అన్నాడు. పడిపోయిన మాట నిజమే. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. నూటికి ఇరవై పాళ్లు కలిపితే (ఈ20 అంటే అదే) ఆరేడు శాతం శక్తి లెక్కలోనే తగ్గుతుంది, దాన్ని తిరిగి తేవడం ఏ సీసా వల్లా కాదు. 2025లో పెట్రోలియం శాఖే ఈ20కి తగ్గట్టు సర్దిన కార్లకు 1 నుంచి 2 శాతం, మిగతావాటికి 3 నుంచి 6 శాతం తగ్గుతుందని, అదేం పెద్ద విషయం కాదన్నట్టు చెప్పింది. ఎవరికి పెద్ద విషయం కాదు? ఏసీ గదిలో కూర్చుని ప్రకటన రాసినాయనకా? రోజంతా బండి తిప్పి, యాప్ వాడి కోత పోను మిగిలినదాంతో బతికేవాడికి ఆరు శాతమంటే ఇంటికి పట్టుకెళ్లే డబ్బు. శక్తి తగ్గింది గానీ ఆ మేరకు లీటరు ధర తగ్గలేదు. ఆ చిల్లును చూపించే ఇప్పుడు "ఈ20 రక్షణ" అని కొత్త సీసాలు దింపారు. ముందు జేబుకు చిల్లు, తర్వాత చిల్లుకు అతుకని ఇంకో 300. సిగ్గుండాలి. ఎండలో నిలబెట్టి, ఇన్ని అమ్మకపోతే మాటపడాలని టార్గెట్ పెట్టి, అమ్మించేది కూడా నెల జీతం చాలని బంకు కుర్రాళ్లతోనే. వాళ్ల మీద నాకు కోపం లేదు. టార్గెట్ రాసినవాడు మాత్రం ఎప్పుడూ నాజిల్ దగ్గర కనిపించడు.

ఆ డ్రైవర్ బండి టైర్లు చూశాను, మెత్తగా ఉన్నాయి. టైర్లలో గాలి సగటున ఒక్క పీఎస్ఐ (గాలి ఒత్తిడికి కొలత) తగ్గితే మైలేజి 0.2 శాతం తగ్గుతుంది, పది తగ్గితే రెండు శాతం. బంకులో గాలి ఉచితంగా పట్టాలనే నియమం ఉంది. మేం ఆగిన బంకులో గాలి మిషన్ గొట్టం తెగి ఉంది, దాని మీదే సీసాల అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. ఎప్పుడు బాగుచేయిస్తారని అడిగితే సూపర్‌వైజర్ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. నా పోరు పడలేక డ్రైవర్ తర్వాత పంక్చర్ షాపులో డబ్బులిచ్చి నాలుగు టైర్లకూ గాలి పట్టించుకున్నాడు. వారం తిరక్కుండానే ఫోను చేశాడు.

"అన్నా, నువ్వు నమ్మవు గానీ, ఈసారి సీసా బాగా పనిచేసిందన్నా!"