సోఫియాలో చూడ్డానికి ఏమీ లేదన్న మాటకు జవాబు

బల్గేరియా రాజధాని సోఫియా గురించి, జర్మనీలోనో పోలండ్‌లోనో చదువుకుంటూ తక్కువ ఖర్చుతో యూరప్ తిరగాలనుకునే మనవాళ్ల మధ్య ఒక సలహా బాగా చేతులు మారుతోంది. సారాంశం ఇది: "సోఫియాలో అంతా కమ్యూనిస్టుల కాలపు కాంక్రీటే, ఒక పూట చాలు. వీసా వేరు, డబ్బు వేరు. ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీ తప్పదు, వాళ్లు దోచుకుంటారు. కొండలు, మఠాలు చూడాలంటే టూర్ కొనాలి. శాకాహారులకు పస్తులే. ఆ డబ్బుతో బుడాపెస్ట్ వెళ్లండి."

ఇందులో డబ్బు మాట ఒకప్పుడు నిజం. వీసా మాట పాతబడింది. టాక్సీ మాట సగం నిజం. మిగతావి చాలావరకు నిలబడవు. ఈ సలహా నమ్మి ఊరిని మధ్యాహ్నం బస్సుకీ రాత్రి బస్సుకీ మధ్య మజిలీగా వాడుకుని వెళ్లిపోతున్నవాళ్లు పోగొట్టుకుంటున్నది చాలా ఉంది. అందుకే ఒక్కో మాటకూ విడిగా జవాబు.

"వీసా వేరుగా తీసుకోవాలి"

అక్కర్లేదు. బల్గేరియా 2024 మార్చి 31న విమాన, సముద్ర మార్గాలకు, 2025 జనవరి 1న రోడ్డు, రైలు మార్గాలకు కూడా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) చేరింది. చేతిలో షెంగెన్ వీసా ఉన్నా, జర్మనీలాంటి దేశం ఇచ్చిన రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా అదే చాలు. బెర్లిన్ నుంచి సోఫియాకు సింగిల్ ఎంట్రీ వీసాతో కూడా వెళ్లొచ్చు, ఎందుకంటే మీరు షెంగెన్ దాటడం లేదు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు ఎక్కువ రోజులు బల్గేరియాలోనే ఉంటే దరఖాస్తు బల్గేరియాకే పెట్టుకోవాలి. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు, ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు ఉండాలి.

దెబ్బ తినే చోట్లు రెండున్నాయి. సోఫియా నుంచి సెర్బియా, ఉత్తర మాసిడోనియా సరిహద్దులు దగ్గర. సింగిల్ ఎంట్రీ వీసాతో సరదాగా అటు దాటితే వెనక్కి రాలేరు. రెండోది, షెంగెన్‌లో ఉండనిచ్చే 180 రోజుల్లో 90 రోజుల కోటా అయిపోతుంటే బల్గేరియాలో కూర్చుని రోజులు గడిపే ఉపాయం ఒకటి ఉండేది. అది ఇప్పుడు పనిచేయదు. అక్కడి రోజులూ అదే ఖాతాలో పడతాయి.

"లెవ్‌లు మార్చుకోవాలి, యూరోలు చెల్లవు"

2026 జనవరి 1 నుంచి బల్గేరియా కరెన్సీ యూరోనే. ఒక యూరోకు 1.95583 లెవ్‌ల స్థిర రేటుతో పాత డబ్బు మారింది, ఆ జనవరి నెలాఖరుతో దుకాణాల్లో లెవ్ చెలామణి ఆగిపోయింది. కాబట్టి ఎవరైనా చిల్లర కింద లెవ్ నోట్లిస్తే తీసుకోవద్దు. వీధి మార్పిడి షాపుల్లో బోర్డు మీద అమ్మే రేటు పెద్ద అక్షరాల్లో పెట్టి, కొనే రేటుతో కొట్టే మోసం యూరోలతో వచ్చేవాళ్లను ఇక తాకదు. ఏటీఎం దగ్గర మాత్రం జాగ్రత్త. మన బ్యాంకు కార్డు పెడితే "రూపాయల్లో లెక్క చూపమంటారా" అని అడుగుతుంది. వద్దని చెప్పి యూరోల్లోనే తీసుకోండి. ఒప్పుకుంటే ఆ మిషన్ వాడు పెట్టిన రేటే మీ నెత్తిన పడుతుంది.

"టాక్సీ తప్పదు"

రెండో టెర్మినల్‌ను ఆనుకునే మెట్రో స్టేషన్ ఉంది, 2015 నుంచీ. అక్కడ నాలుగో లైన్ ఎక్కితే ఊరి నడిబొడ్డున ఉన్న సెర్దికా స్టేషన్‌కు అరగంటలోపే. యూరో రాకముందు టికెట్ ఏళ్ల తరబడి 1.60 లెవ్‌లు, అంటే సుమారు 82 సెంట్లు ఉండేది. గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే సరిపోతుంది, కౌంటర్ దగ్గర నిలబడక్కర్లేదు. కొన్ని విమానాలు మొదటి టెర్మినల్‌లో దిగుతాయి. అది మెట్రోకు దాదాపు 3 కిలోమీటర్లు. రెండు టెర్మినళ్ల మధ్య తిరిగే ఉచిత షటిల్ ఎక్కాలి. ఈ సంగతి తెలియకే చాలామంది బయటకు రాగానే టాక్సీవాడి చేతికి చిక్కుతారు.

మోసగాళ్లు ఉన్నారన్నది నిజమే. పేరున్న కంపెనీల పేరునూ రంగునూ ఒకటి రెండు అక్షరాల తేడాతో అనుకరించే కార్లు తిరుగుతాయి. అద్దం మీద అంటించిన రేటు కాగితంలో కిలోమీటరుకు ఎంతో రాసి ఉంటుంది, ఎక్కేముందే చదవాలి. అర్ధరాత్రి దాటి దిగితే మెట్రో ఉండదు. అప్పుడు టెర్మినల్ లోపలి అధికారిక కౌంటర్‌లోనో, యాప్‌లోనో టాక్సీ తీసుకోండి. బయట పలకరించేవాడితో వెళ్లొద్దు.

"అంతా కాంక్రీటే, చూడ్డానికి ఏమీ లేదు"

అసలు తప్పంతా ఈ మాటలో ఉంది. ల్యూలిన్, మ్లాదొస్త్ పేటల్లో వరసగా నిలబడ్డ ప్యానెల్ బిల్డింగులు నిజమే, విమానం దిగి వచ్చే దారిలో అలాంటివే కనిపిస్తాయి. కానీ మెట్రోలో సెర్దికా దగ్గర దిగి పైకి రాకముందే మీరు రోమన్ల ఊళ్లో ఉంటారు. సెర్దికా అన్నది ఈ నగరం పాత పేరే. మెట్రో తవ్వకాల్లో బయటపడ్డ వీధులు, ఇళ్ల పునాదులు, రాళ్లు పరిచిన ప్రధాన మార్గం అక్కడే వదిలి, చుట్టూ దారి కట్టారు. టికెట్ లేదు. పైకి చూస్తే 1950లలో కట్టిన కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యాలయం కనిపిస్తుంది. కమ్యూనిస్టు కట్టడాన్నీ నాలుగో శతాబ్దపు వీధినీ ఒకే చోట నిలబడి చూడ్డం మరే రాజధానిలో ఇంత సులువు?

అక్కడి నుంచి నిమిషాల నడకలో, అధ్యక్ష భవనం వెనక పెరట్లో, ఎర్ర ఇటుకల గుండ్రటి గుడి సెయింట్ జార్జ్ రోటుండా ఉంది. నాలుగో శతాబ్దానిది, నగరంలో నిలిచి ఉన్న కట్టడాల్లో అత్యంత పాతది. లోపల కుడ్యచిత్రాలు ఐదు పొరలుగా ఉన్నాయి, అడుగు పొరల్లో పదో శతాబ్దపువి. ఒట్టోమన్ల కాలంలో మసీదుగా మార్చి సున్నం కొట్టారు, ఆ సున్నమే వాటిని కాపాడింది. ప్రవేశం ఉచితం, ఫొటోలు తీయనివ్వరు. తల ఎత్తి గుమ్మటం మీది ముఖాలు చూడాలి. చాలామంది గుమ్మంలోంచి తొంగి చూసి వెళ్లిపోతారు, కళ్లు చీకటికి అలవాటుపడేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగితేనే రంగులు తేలతాయి.

సెర్దికాకు అటుపక్క పదహారో శతాబ్దపు బాన్యా బాషీ మసీదు, 1909లో తెరిచిన సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం; పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోండి, భద్రతా తనిఖీ ఉంటుంది), స్వెతా నెదెల్యా చర్చి కూతవేటు దూరాల్లో ఉన్నాయి. మసీదు వెనక పాత స్నానశాల భవనం ఇప్పుడు నగర చరిత్ర మ్యూజియం. దాని పక్కనే వేడి ఖనిజ జలం కొళాయిల్లోంచి రాత్రింబవళ్లు వస్తుంది. ఊరివాళ్లు క్యాన్లతో పట్టుకెళ్తారు, మీరూ సీసా నింపుకోవచ్చు.

అలెగ్జాండర్ నెవ్‌స్కీ కెథెడ్రల్ అందరూ చూసేదే, ప్రవేశం ఉచితం. దాని ఎదురుగా ఉన్న సాదా ఇటుక చర్చిని మాత్రం దాటిపోతారు. అది ఆరో శతాబ్దపు సెయింట్ సోఫియా, ఊరికి పేరు ఇచ్చింది అదే. నేల కింద టికెట్‌తో చూసే రోమన్ల కాలపు సమాధులు ఉన్నాయి. ఆ చుట్టుపక్కల రోడ్లకు పరిచిన పసుపు పచ్చ ఇటుకలు వాన పడితే సబ్బులా జారతాయి, అరిగిపోయిన బూట్లతో వెళ్లకండి. రోమన్ ఆంఫీథియేటర్ మిగులు ఒక హోటల్ నేలమాళిగలో ఉంది, రిసెప్షన్‌లో అడిగితే చూడనిస్తారు.

కాంక్రీటు మీద నిజంగా ఆసక్తి ఉంటే జి.ఎం. దిమిత్రోవ్ మెట్రో స్టేషన్ దగ్గరి సోషలిస్టు కళా మ్యూజియానికి వెళ్లండి. పార్టీ భవనం శిఖరం మీద ఉండే ఎర్ర నక్షత్రం ఇప్పుడు ఆ తోటలో ఉంది.

బొయానా చర్చి ఊరి అంచున, వితోషా కొండ మొదట్లో ఉంటుంది. యునెస్కో జాబితాలో 1979 నుంచి ఉంది. 1259లో గీసిన కుడ్యచిత్రాల్లో దాత కలొయాన్, ఆయన భార్య దెసిస్లావా బొమ్మలు దేవతల మూసలో కాక నిజమైన మనుషుల ముఖాలతో ఉంటాయి. లోపలికి చిన్న గుంపుగా పంపి, పది నిమిషాలే ఉండనిస్తారు. జనం ఊపిరిలోని తేమ రంగులకు హాని కనుక ఆ నియమం. అందుకే వేసవి మధ్యాహ్నం వెళ్తే బయట క్యూ, పొద్దున్నే వెళ్తే ఖాళీ. మెట్రో రెండో లైన్‌లో దక్షిణానికి వెళ్లి, హ్లదీల్నికా బస్ స్టాండ్ నుంచి 64 నంబర్ బస్సు పట్టుకోవాలి.

"కొండ ఎక్కాలంటే టూర్ కొనాలి"

వితోషా సిటీ బస్సు వెళ్లే కొండ. శిఖరం చెర్నీ వ్రాహ్ ఎత్తు 2,290 మీటర్లు. 1895 ఆగస్టులో రచయిత అలెకో కొన్స్తాంతినోవ్ పిలుపుతో దాదాపు 300 మంది దాన్ని ఎక్కారు. బల్గేరియాలో జనం గుంపులుగా కొండలకు నడిచి వెళ్లడం అప్పుడే మొదలైందంటారు. ఆయన పేరుతోనే ఉన్న అలెకో విడిది దాకా హ్లదీల్నికా నుంచి 66 నంబర్ బస్సు పోతుంది. అక్కడే మీరు సుమారు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటారు. మిగిలింది ఐదొందల మీటర్లలోపు ఎక్కుడు, మామూలు నడకవాళ్లకు గంటన్నర నుంచి రెండు గంటలు.

పప్పులో కాలేసేది వారం మధ్యలో వెళ్లినవాళ్లు. 66 శని, ఆదివారాల్లోనే వరసగా ఉంటుంది, మామూలు రోజుల్లో చాలా తక్కువ. తిరుగు బస్సు వేళ పైకి వెళ్లేటప్పుడే స్టాప్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. రెండో పొరపాటు వాతావరణం. కింద ఎండ కాస్తున్నా పైన మైదానంలా చదునుగా ఉన్న చోట మబ్బు దిగిందంటే పది అడుగుల ముందు ఏముందో కనపడదు. శీతాకాలం కోసం పాతిన ఇనుప స్తంభాల వరసే అప్పుడు దారి. ఒక స్తంభం దగ్గర నిలబడితే తర్వాతిది కనపడకపోతే ముందుకు పోకూడదు, వచ్చిన దారినే దిగాలి. జూలైలో కూడా గాలి ఆపే జాకెట్ కావాలి. శిఖరం మీద వాతావరణ కేంద్రం పక్కన టీ, సూప్ దొరికే చిన్న విడిది ఉంది, అయినా నీళ్లు కిందినుంచే తీసుకెళ్లండి.

రీలా మఠం కథ కాస్త వేరు. సోఫియాకు దాదాపు 120 కిలోమీటర్లు, అక్కడికి వెళ్లే బస్సులు తక్కువ. నేరు బస్సు కుదరకపోతే దుప్నిత్సా వెళ్లి, అక్కడి నుంచి రీలా అనే ఊరు మీదుగా మఠానికి పోవాలి. తిరుగు బస్సు ఒక్కటి తప్పినా ఆ రాత్రి అక్కడే. అందుకే ఒక్క రోజులో వెనక్కి రావాలంటే హాస్టళ్లలో బుక్ చేసే షటిల్ వ్యాన్‌కు డబ్బు పెట్టడం తప్పు కాదు. ఇక్కడ మాత్రం ఆ సలహాలో కొంత న్యాయం ఉంది. కానీ మఠం గదుల్లో రాత్రి ఉండనిస్తారు, రెండు రోజులు పెట్టుకోగలిగితే మామూలు బస్సులే చాలు. ఆవరణకూ చర్చికీ టికెట్ లేదు, మ్యూజియానికే. ఆ టికెట్ మానొద్దు. రఫాయిల్ అనే సన్యాసి 1802లో ముగించిన చెక్క శిలువ అందులో ఉంది. చిన్న చిన్న బైబిల్ దృశ్యాలు, గోరంత మనుషులు, వందల సంఖ్యలో. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి.

"శాకాహారులకు పస్తులే"

టమాటా, దోస, ఉల్లి మీద తెల్ల సిరెనే చీజ్ తురిమిన షోప్‌స్కా సలాడ్ ప్రతి హోటల్లో ఉంటుంది. పెరుగులో దోసకాయ ముక్కలు, వెల్లుల్లి, సోయికూర (డిల్ ఆకు), అక్రోట్లు కలిపి చల్లగా ఇచ్చే తరతోర్, కాల్చిన ఎర్ర మిరపతో చేసే ల్యుతెనిత్సా, చిక్కుడు గింజల బాబ్ చోర్బా దొరుకుతాయి. కాల్చిన వంకాయతో చేసే క్యోపోలు మన బండ పచ్చడికి దగ్గరి చుట్టం. సూపర్ మార్కెట్‌లో 400 గ్రాముల పెరుగు డబ్బా మామూలు సైజు, దానితో రొట్టె కలిస్తే పూట గడుస్తుంది.

చూసుకోవాల్సినవి: చీజ్ పెట్టి కాల్చే పొరల రొట్టె బనిత్సాలో గుడ్డు ఉంటుంది. బాబ్ చోర్బాలో ఒక్కోచోట సాసేజ్ వేస్తారు. సిరెనే కోసం పాలను జంతువుల కడుపులోంచి తీసే రెన్నెట్‌తో గడ్డకట్టిస్తుంటారు, అదీ వద్దనుకునేవాళ్లు అడగాలి. అడిగేటప్పుడు తల ఊపును నమ్మకండి. బల్గేరియన్లు కాదనడానికి తల పైకి ఎగరేస్తారు, అవుననడానికి అడ్డంగా ఊపుతారు. విదేశీయులతో మాట్లాడే కుర్రాళ్లు మళ్లీ తిరగేసి ఊపుతారు. "మాంసం ఉందా" అన్నదానికి "దా" అంటే ఉంది, "నే" అంటే లేదు. ఆ మాట వినేదాకా ఆగండి.

"ఆ డబ్బుతో బుడాపెస్ట్ వెళ్లండి"

నదీ, రాత్రి దీపాలూ కావాలంటే బుడాపెస్టే మేలు. ఖర్చు సంగతైతే వేరు. అక్కడ సెచెన్యీ స్నానశాలకే 20 యూరోలు దాటుతుంది, బాసిలికాకూ పార్లమెంటుకూ టికెట్లు. సోఫియాలో పైన చెప్పిన వాటిలో సగానికి పైగా ఉచితం, ఊరి మధ్య భాగమంతా నడకలోనే అయిపోతుంది.

డిసెంబర్, జనవరి మాత్రం తప్పించండి. ఊరు కొండల మధ్య గిన్నెలో ఉంది, గాలి కదలని రోజుల్లో కట్టెలు, బొగ్గు పొగ కిందే నిలిచిపోతుంది. మే, జూన్, సెప్టెంబర్ బాగుంటాయి. గురువారం రాత్రికి చేరేలా టికెట్ తీసుకుంటే శుక్రవారం ఊరి మధ్య భాగం, శనివారం పొద్దున్నే 66 బస్సు, ఆదివారం బొయానా కుదురుతాయి. రీలాకు ఇంకో రోజు కలుపుకోండి.